సర్వహక్కులూ వాట్సాప్‌వే

తెనాలి, బాపట్ల, రేపల్లె తట్టు ఇంగ్లీషు మాస్టార్లు ఎదురుపడితే 'బాగున్నారా' అనుకోవడం మానేసి చాన్నాళ్లయింది. 'పీడీఎఫ్ ఉందా సార్?' అనుకుంటున్నారు. ఉందని తలూపితే రెండో పలకరింపు వస్తుంది: 'వర్డ్ ఫైలు దొరకదా?' తమ పిల్లలకు తగ్గట్టు మార్చుకోవడానికి కాబోలని మురిసిపోకండి. పీడీఎఫ్‌లో చేసినవాడి పేరు చెరపడం కాస్త కష్టం, వర్డ్‌లో సుళువు. అంతే.

అసలు ఆ ఫైలు ఎలా పుడుతుందో చూద్దాం. నిజాంపట్నం దగ్గర్లో ఒక హైస్కూలు, అందులో ఒక ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటు ఉన్నాడనుకోండి. పేరు చెప్పను. ఎలాగూ పోగొట్టుకోబోయే పేరే గదా. ఏడో తరగతికి కంపారిటివ్ డిగ్రీ చెప్పాలి. నెట్లో వెతికితే ఉచిత వర్క్‌షీట్లు కుప్పలుతెప్పలు. మొదటిదాంట్లో మంచు మనిషి. రెండోదాంట్లో మంచు మీద జారే బండి. మూడోదాంట్లో 'నిన్నటి మంచు చల్లనా, ఇవాళ్టి మంచు చల్లనా?' అని ప్రశ్న. ఆ పిల్లలకు తెలిసిన ఐసు హార్బర్లో చేపల పెట్టెల్లో పోసేది ఒక్కటే. అది నిన్నా అంతే చల్లన, ఇవాళా అంతే చల్లన.

ఇక లాభం లేదని రాత్రి భోజనమయ్యాక ఆయనే కాగితం ముందేసుకున్నాడు. 30 కౌంటు రొయ్య, 50 కౌంటు రొయ్య, 100 కౌంటు రొయ్య బొమ్మలు గీసి, ఏది దేనికన్నా పెద్దదో ఇంగ్లీషులో రాయమన్నాడు. కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది, రేటు పడిపోతుంది. పట్నం పిల్లలైతే అక్కడ బోల్తా పడతారు, చెరువుగట్టు పిల్లలు పడరు. 'బిగ్గర్ దాన్', 'చీపర్ దాన్', 'ద కాస్ట్లియెస్ట్' మూడూ ఒకే పీరియడ్లో ఒంటబట్టాయి. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, 'సార్, మా చెరువుకి వైరస్ తగిలి నిన్నే పట్టుబడి పట్టేశారు. ఇప్పుడు అన్ని కౌంట్లూ చీపే సార్' అన్నాడు. ఇంగ్లీషు పాఠంలో పిల్లవాడు మాస్టారిని సరిదిద్దాడంటే ఆ పాఠం పండినట్టే.

అక్కడితో ఊరుకుంటే పోయేది. పదిమందికీ పనికొస్తుందని ఆ కాగితాన్ని మండలం గ్రూపులో పెట్టాడు. ముందు చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు వచ్చాయి. తర్వాత అది రేపల్లె గ్రూపుకెళ్లింది. అక్కణ్నుంచి తెనాలి, తెనాలి నుంచి బాపట్ల. ఇటు పెనుమూడి వారధి దాటి, డీఎస్సీ కోచింగులకు పేరుపడ్డ అవనిగడ్డ. 2025 ఏప్రిల్లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ప్రకటన వచ్చాక, ఇంగ్లీషు అని రాసున్న ఏ కాగితమూ ఈ తీరంలో ఒకచోట నిలిచింది లేదు. ఎక్కడ ఎవరు ఏం చేశారో దేవుడికెరుక, వారం తిరక్కుండా ఆ రొయ్యలు పుట్టింటికి తిరిగొచ్చాయి. ఐమూలగా ఒక వాటర్‌మార్కు. పైన ఒక నాయకుడు చేతులు జోడించి జన్మదిన శుభాకాంక్షలు అందుకుంటున్నాడు. కింద ఒక ఫోన్ నంబరు. దాని కింద ఎర్రటి అక్షరాల్లో 'మా అనుమతి లేకుండా వాడరాదు'. ముద్ర సరిగ్గా 30 కౌంటు రొయ్య తోక మీద పడటంతో అది 50 కౌంటులా కనబడుతోంది. గ్రూపులో ఎవరో 'సూపర్ మెటీరియల్, ఎవరు చేశారో గానీ' అని మెచ్చుకున్నారు. 'నేనేనండీ' అని ఈయన రాశాడు. 'మీరూ వాడుతున్నారా సార్, వెరీ గుడ్' అని జవాబొచ్చింది.

చేసినవాడు పేరు అడగడు. చేయనివాడు వాటర్‌మార్కు మర్చిపోడు. మన దగ్గర ఉచిత బోధన సామగ్రి నడిచే సూత్రం ఇదే. ఆ కాగితాన్నే స్పైరల్ బైండింగు చేసి, స్పోకెన్ ఇంగ్లీషు కోర్సు ఫీజులో కలిపి ఇస్తే తల్లిదండ్రులు కళ్లకద్దుకుంటారు. సర్కారు బడిలో మాస్టారు ఊరికే ఇచ్చినప్పుడు అందులో పుల్కాలు చుట్టారు.

లెసన్ ప్లాన్లది ఇంకో భాగవతం. తయారుగా ఉన్నవి నెట్లో ఉచితంగా దొరుకుతాయి. దొరికినదాన్ని ప్రింటు తీసి పెడితే ఒప్పుకోని అధికారులున్నారు. వారికి చేతిరాత కావాలి. అందుకని ఎవరో ఏడాది కింద కంప్యూటర్లో కొట్టినదాన్ని ఇంకెవరో ఆదివారం పూట పెన్నుతో దించుతారు. సోమవారం హెడ్మాస్టరు సంతకం, ఆ పైన ఎంఈవో సంతకం. 'ఇక్కడ మీ పాఠశాల పేరు రాయండి' అన్న వాక్యాన్ని కూడా అందంగా దించి సంతకం పెట్టించుకున్న మహానుభావుల కథ స్టాఫ్ రూముల్లో తిరుగుతూనే ఉంటుంది. సంతకం పెట్టినాయనా చదవలేదు గనక ఇద్దరికీ సరిపోయింది.

అయితే మాస్టార్లను ఆడిపోసుకోవడం తేలిక. వారికి దారి చూపిన పుస్తకం ఒకటుంది. సర్కారు బడి ఇంగ్లీషు పాఠ్యపుస్తకం తెరిచి మొదటి పేజీలు తిప్పండి. ప్రభుత్వం వారి ఉచిత పంపిణీ అని ఒక ముక్క. కాగితం ఎన్ని జీఎస్ఎం మందమో అదొక ముక్క. ఆ పక్కనే, సర్వహక్కులు ప్రత్యేకించుకోవడమైనది, ప్రచురణకర్త రాతపూర్వక అనుమతి లేకుండా ఇందులో ఏ భాగాన్నీ తిరిగి ముద్రించరాదు, దాచరాదు, పంపరాదు అన్న అర్థంలో ఇంగ్లీషు హెచ్చరిక. హక్కుదారు పాఠశాల విద్య డైరెక్టరు గారు. ఊరికే ఇచ్చే పుస్తకాన్ని ఎవరు దొంగిలిస్తారని ఈ కాపలా? దొంగ కూడా మొహమాటపడే సరుకది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. పుస్తకం రాసిన టీచర్ల పేర్లు అందులో అచ్చేస్తారు. ఆ మాత్రం మర్యాద పుస్తకానికి ఉంది, గ్రూపుకి లేదు.

అదే పుస్తకంలో క్యూఆర్ కోడు ఉంటుంది. ఫోనుతో స్కాన్ చేస్తే 2017 సెప్టెంబరు 5న మొదలైన కేంద్రం వారి దీక్ష పోర్టల్లోకి తీసుకెళ్తుంది. వీడియో చూడండి, దించుకోండి, పంచుకోండి అంటుంది. ఒక పేజీ చెయ్యి వేస్తే ఊరుకోనంటుంది, ఇంకో పేజీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుంది. పాపం మాస్టారు రెండిటికీ కట్టుబడి, అనుమానం వచ్చినప్పుడల్లా జిరాక్స్ తీస్తాడు.

జిరాక్స్ సంగతి ఢిల్లీ దాకా వెళ్లిందే. విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక చిన్న జిరాక్స్ కొట్టు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు మహా ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. చదువు చెప్పడానికి తీసుకునే కాపీలకు 1957 నాటి కాపీరైటు చట్టమే చోటిచ్చిందని 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. పై బెంచికి వెళ్లిన ఆ మహాసంస్థలు చివరికి 2017లో దావా వదులుకున్నాయి. కాబట్టి తెనాలి బోసు బొమ్మ సెంటరు చుట్టుపక్కల జిరాక్స్ కొట్లవారు నిశ్చింతగా ఉండొచ్చు. ఆ చట్టంలోనే ఇంకో కొస ఉంది. ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద మొదటి హక్కు యజమానిదట. రాత్రి పదింటికి ఇంట్లో కూర్చుని గీసిన రొయ్య మాస్టారిదా, ప్రభుత్వానిదా? గట్టి వకీలు దొరికితే ఈ కేసు రొయ్య బతికుండగా తేలదు.

ఉచితానికి మా బాపట్ల జిల్లాలో గొప్ప చరిత్రే ఉంది. 2022 ఏప్రిల్లో జిల్లా పుట్టింది. అదే ఏడు డిసెంబరు 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి గారి పుట్టినరోజున, ఈ జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకూ వారి టీచర్లకూ ట్యాబుల పంపిణీ మొదలైంది. రాష్ట్రం మొత్తమ్మీద 5,18,740 ట్యాబులని లెక్క చెప్పారు. లోపల బైజూస్ పాఠాలు. వేలు పోసి కొనాల్సిన సరుకు పేదపిల్లలకు ఉచితంగా అని ఊదరగొట్టారు. 2024 జులైలో ఆ బైజూసే దివాలా విచారణకు వెళ్లింది. తీసుకెళ్లింది క్రికెట్ బోర్డు. టీమిండియా జెర్సీ మీద పేరు వేయించుకున్న బాకీ సుమారు 158 కోట్లు తీర్చలేదని ఫిర్యాదు. ఇంగ్లీషు పాఠానికీ క్రికెట్ జెర్సీకీ ఏం సంబంధమని అడక్కండి. నిజాంపట్నం రొయ్యలకైతే జెర్సీ లేదు, బాకీ లేదు, పుట్టినరోజు లేదు. అందుకే అవి ప్రారంభోత్సవానికి నోచుకోలేదు.

ట్యాబుల వెనకే 2023 జూన్‌లో అమెరికా ఈటీఎస్ సంస్థతో ఒప్పందం కుదిరింది. మూడో తరగతి నుంచే టోఫెల్. అమెరికా చదువులకు వెళ్లేవాళ్లు రాసే పరీక్ష పేరు చెబితే పిల్లకాయలకు జ్వరాలొచ్చాయి, పెద్దలకు పాస్‌పోర్టులు గుర్తొచ్చాయి. ప్రభుత్వం మారాక అదీ పక్కకి పోయింది. 2024 డిసెంబరు 7న ఇదే బాపట్ల మున్సిపల్ హైస్కూలుకి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు, మంత్రి లోకేశ్ గారు మెగా పేరెంట్ టీచర్ మీటింగుకి వచ్చారు. బడిపిల్లలకిచ్చే విద్యా కానుక పేరు మారి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. పుస్తకం మొదట్లోని ఆ హక్కుల పేజీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు. అధికార పక్షం, ప్రతిపక్షం ఏకాభిప్రాయానికి వచ్చిన పేజీ రాష్ట్రంలో అదొక్కటే కావచ్చు.

ఊరికే ఇవ్వడం సరిగ్గా చేతనైనవాళ్లు లేకపోలేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015 సెప్టెంబరు 8న స్టోరీవీవర్ అని ఒకటి తెరిచారు. పిల్లల కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతాయి. దించుకోవచ్చు, అనువదించవచ్చు, బొమ్మ తీసుకుని వేరే కథ అల్లుకోవచ్చు, అమ్ముకున్నా అడిగేవాడు లేడు. ఒకటే షరతు: చేసినవారి పేరు తీయకూడదు. కేంద్ర ప్రభుత్వమే 2013లో విద్యావనరుల ఖజానా ఒకటి పెట్టి ఇలాంటి లైసెన్సే తగిలించింది. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1959 నుంచి 1500 మాటలతో నెమ్మదిగా చదివి వినిపించిన ఇంగ్లీషు 2025 మార్చిలో ట్రంపు గారి ఒక్క ఉత్తర్వుతో మూగబోయింది. అయితే అక్కడ ప్రభుత్వం జీతమిచ్చి రాయించినదానికి కాపీరైటు ఉండదు. రేడియో ఆగినా ఆ పాఠాలను ఎవరైనా వాడుకోవచ్చు. మనకు జీతం సర్కారుదే, పుస్తకం సర్కారుదే, ముద్రణ పన్నులదే. హక్కు మాత్రం డైరెక్టరు గారి బీరువాలో.

తెనాలివాళ్లకు ఈ లైసెన్సుల సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు. పాత బండ్ల నట్లు, బోల్టులు, గొలుసులు ఏరుకొచ్చి నిలువెత్తు విగ్రహాలు చేసే ఊరది. నట్టు ఏ కంపెనీదని ఎవరూ దావా వేయలేదు. విగ్రహం ఎవరు చేశారంటే మాత్రం ఊరంతా చెబుతుంది. పేరు లేకుండా రాయడం కూడా ఆ ఊరికి కొత్తేం కాదు. అక్కడ పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో ఉండి పేరు వేసుకోకుండా ఎంత రాశారో. కాకపోతే ఆయన పేరు ఆయనే వదులుకున్నారు. దాని మీద ఇంకొకరు ఫోన్ నంబరు వేసుకోలేదు.

పాఠశాల విద్య డైరెక్టరు గారికి మనవి. వచ్చే ముద్రణకు ఫైళ్లు ప్రెస్సుకు వెళ్లేలోపు ఆ హెచ్చరిక కొట్టేయించి, అక్కడ రెండు వరసలు రాయించండి. ఈ పుస్తకాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. చేసినవారి పేరు మాత్రం ఉంచాలి. దానికి టెండరు పిలవక్కర్లేదు, విదేశీ సంస్థతో ఒప్పందం అక్కర్లేదు, ఎవరి పుట్టినరోజు దాకా ఆగక్కర్లేదు. మీ సంతకం ఒకటి చాలు.