బరువు

సంక్రాంతి వెళ్లిన వారం. నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో, ఇసకపల్లి ఉప్పు కొఠార్లకు దగ్గరగా, బకింగ్‌హాం కాలువ గట్టున ఒక యానాదుల కాలనీ. ఆ సాయంత్రం అక్కడ ఆరు కుటుంబాలు మూటలు కట్టుకుంటున్నాయి. తెల్లవారుజామున లారీ వస్తుంది. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఒక ఇటుక బట్టీకి తీసుకుపోతుంది. తిరిగి రావడం జూన్‌లోనే.

ఈ తీరంలో వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాన పడినన్నాళ్లు పచ్చి ఇటుక ఆరదు. జనవరిలో ఎండ నిలబడ్డాకే బట్టీల్లో పని మొదలవుతుంది. మేస్త్రీలు మాత్రం వానల్లోనే ఊళ్లలోకి వస్తారు. ఆ రోజుల్లో యానాదికి రొయ్యల గుంటల మీద కాపలా దొరకదు. పొయ్యి మాత్రం వెలగాలి. అడ్వాన్సు అప్పుడే చేతికి వస్తుంది.

కాలువ అంచున ఉన్న చివరి ఇంటికి మేస్త్రి నవంబరులో వచ్చాడు. ముప్పై వేలు లెక్కపెట్టి ఇచ్చాడు. ఇంట్లో ఎంతమందని అడిగాడు. మొగుడూ పెళ్లాం, తొమ్మిదేళ్ల కూతురు, నాలుగేళ్ల కొడుకు, పాలు తాగే పసిబిడ్డ, ముసలి అవ్వ. పెద్దపిల్లను పిలిచి వయసు మళ్లీ అడిగాడు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. లారీలో చోటు చూసుకోవాలి కదా అనుకున్నారు ఇంటివాళ్లు.

ఇప్పుడు ఆయన దగ్గర్నుంచి కబురు వచ్చింది. ఇంటికి ఒకటే మూట. దారిలో ఇంకో ఊరి వాళ్లు కూడా ఎక్కాలి. ఒంటి చేత్తో ఎత్తితే లేవాలి, లేవనిది కిందే ఉంటుంది.

ముగ్గురు పిల్లలతో ఐదు నెలల బతుకు. ఒకటే మూట. ఇల్లాలు మూడు రోజులుగా దాని మీదే ఉంది.

పెళ్లినాటి ట్రంకు పెట్టె ఉంది. ఖాళీగా ఉన్నప్పుడే బరువు. దాన్ని ముందే పక్కన పెట్టింది. యూరియా గోతాం నీటికి ఆగదు. చివరికి రొయ్యల మేత సంచి తీసింది. మొగుడు గుంటల మీద కాపలా ఉన్నప్పుడు తెచ్చుకున్నది. గట్టి నేత, లోపల ప్లాస్టిక్కు పొర, వానలో వదిలేసినా లోపలిది తడవదు. చేతిపంపు దగ్గర సబ్బు పెట్టి పదే పదే ఉతికింది. మేత వాసన పోలేదు. అయినా దానికి మించిన సంచి ఈ తీరంలో లేదు.

అడుగున టార్పాలిన్ పట్ట పెట్టింది. అక్కడ గుడిసె కప్పు వాళ్లే వేసుకోవాలి. దాని మీద పెద్ద దబర, అందులో చిన్న దబర, అందులో పళ్లేలు. చిన్న దబరలో కారప్పొడి, చింతపండు, ఉప్పు, కాగితంలో చుట్టిన ఎండు చేపలు. ఖాళీ అనేది ఎక్కడా లేదు. దుప్పట్లు రెండు. మనిషికి రెండు జతలు. పాత చీర ఒకటి. దారిలో అది మూట మీద కట్టు, రాత్రి పసిబిడ్డకు ఉయ్యాల, పొద్దున నీళ్లు పోసుకునేటప్పుడు అడ్డు. ఇల్లంతా ఒక సంచిలో పట్టించడం గొప్ప విద్య. తరతరాలుగా కదులుతూ బతికిన వాళ్లకు తప్ప అది అంత తేలిగ్గా అబ్బదు.

పెద్దపిల్లకు బడి యూనిఫారం జతలే పెట్టింది. ఇంట్లో ఉన్న బట్టల్లో అవే గట్టివి. పైగా కాస్త వదులుగా ఉన్నాయి. ఐదు నెలల్లో పిల్ల ఎదుగుతుంది.

కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో. ఆధార్ కార్డులు, రేషను కార్డు, పసిబిడ్డ టీకాల కార్డు. ఆధార్ లేని ఇళ్లు యానాదుల్లో ఇంకా ఉన్నాయి, కాబట్టి ఆ కవరు ఆమెకు నగలపెట్టె. రేషను కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుందని బళ్లో టీచరమ్మ చెప్పింది. పసిబిడ్డకు తొమ్మిదో నెల సూది అక్కడే వేయించాలి. కవరును దుప్పటి మడతలో దాచింది.

మొగుడు గెడ్డపార తెచ్చి పక్కన పెట్టాడు. దానితో ఎలుక కలుగులు తవ్వుతాడు, గుంటలు తీస్తాడు. అది లేకుండా ఇల్లు దాటిన రోజు అతనికి గుర్తులేదు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను మాట్లాడకుండా తీసుకెళ్లి ఇంటి వెనక చూరులో దోపాడు. కోడి, పిల్లలు అవ్వకు.

మిగిలింది పెద్దపిల్ల బడి సంచి. సర్కారు ఇచ్చింది. నాలుగో తరగతి పుస్తకాలు ఎడమ పేజీ ఒక భాషలో, కుడి పేజీ ఒక భాషలో ఉంటాయి. దాంతో లావు, బరువు. పిల్ల దాన్ని ఉదయమే మేత సంచి మీద పెట్టి కూర్చుంది. తల్లి దించింది. పిల్ల మళ్లీ పెట్టింది. తల్లి పుస్తకాలు తీసి లెక్కల పుస్తకం ఒక్కటే ఉంచింది. అయినా అది రెండో మూటే.

దీపాల వేళకు టీచరమ్మ వచ్చింది. స్కూటీ కాలువ గట్టున ఆపి నడిచి వచ్చింది. ప్రతి జనవరిలో ఆమెకు ఇదే పని. సంక్రాంతికి ముందు నిండుగా ఉండే తరగతి సంక్రాంతి తర్వాత సగమవుతుంది.

“పెద్దపిల్లని వదిలిపెట్టి పోండి” అంది.

ఎవరూ పలకలేదు.

“ఏప్రిల్ 23 దాకా బడి ఉంటుంది. మధ్యాహ్నం అన్నం, గుడ్డు, చిక్కీ బళ్లోనే. పొద్దున రాగిజావ. సెలవులు ఏడు వారాలు. జూన్ 12కి మళ్లీ బడి, అప్పటికి మీరు వచ్చేస్తారు. ఆ ఏడు వారాలూ రాత్రి పూటలూ అవ్వ చూసుకుంటే చాలు. పరీక్షలు రాస్తుంది. ఐదులోకి వస్తుంది. ఇప్పుడు పోతే మళ్లీ మొదటికే.”

“అడ్వాన్సు తీసుకుండాం మేడం” అన్నాడు తండ్రి.

“తీసుకున్నది నువ్వు, పిల్ల కాదు. అప్పు చూపించి మనిషిని కట్టేసుకునే హక్కు ఎవరికీ లేదు. 1976లోనే చట్టం వచ్చింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బడి హక్కని 2009లో ఇంకో చట్టం వచ్చింది.”

“చట్టం సంగతి నాకు తెలవదు మేడం. ముప్పై వేల సంగతి తెలుసు.”

అవ్వ అరుగు మీద నుంచి కదిలింది. ఊరు వదలడం ఆమెకు ఎప్పుడూ నచ్చదు. ఆమె తండ్రి కాలంలో నేర జాతుల చట్టం ఉండేది. ఆ చట్టం కింద పేరెక్కిన వాళ్లు పొరుగూరు పోవాలన్నా చీటీ రాయించుకోవాలి. నెల్లూరు జిల్లా వాడే అయిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం పనిచేసింది ఆ రోజుల్లోనే. ఇక్కడ ఆ చట్టం 1947లో పోయింది. అవ్వకు చట్టం పేరు తెలియదు, తండ్రి చెప్పిన చీటీ సంగతి తెలుసు.

“మా నాయన్ని కదలనీలేదు. మమ్మల్ని నిలవనీడం లేదు. దీన్నన్నా ఉండనీండి. నేను జూసుకుంటా” అంది.

ఇల్లాలు చాలాసేపు సంచి వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత దాని మూతి విప్పి, చెయ్యి లోపలికి పెట్టి, యూనిఫారం జతలు బయటికి లాగింది. మడత చెదరకుండా అవ్వ ఒళ్లో పెట్టింది. ఒక పళ్లెం కూడా తీసి ఇచ్చింది. పుస్తకాలన్నీ బడి సంచిలోకి తిరిగి చేరాయి. పిల్ల దాన్ని భుజానికి తగిలించుకుని అలాగే పడుకుంది.

టీచరమ్మ వెళ్లేటప్పుడు పిల్ల తల మీద చెయ్యి వేసి, “సోమవారం ప్రార్థనకు ఉండాలి” అంది.

లారీ నాలుగింటికి వచ్చింది. మేస్త్రి ముందు సీట్లోంచి దిగాడు. ఇరవై ఏళ్లుగా ఈ దారిన మనుషుల్ని తీసుకుపోతున్నవాడు. బట్టీలో ఏది అక్కరకు వస్తుందో ఏది రాదో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. టార్చి వేసి ఒక్కో మూటా ఒంటి చేత్తో ఎత్తి చూశాడు. ఒకరి రోలు దించాడు. “రాళ్లు మోయడానికి గాదు పొయ్యేది” అన్నాడు. ఒకరి కోళ్ల గంప దించాడు. ఒకరి టీవీ దించాడు. ఎవరి మీదా అరవలేదు. ఎందుకు వద్దో చెప్పి మరీ దించాడు. చంటిబిడ్డ ఉన్న ఇంటివాళ్లు రెండో దుప్పటి మరిచిపోతే గుర్తుచేసి తెప్పించాడు.

చివరి ఇంటి మేత సంచి ఎత్తాడు. తేలిగ్గా లేచింది. లోపల ఏమున్నాయని అడిగాడు. ఇల్లాలు చెప్పింది.

“చూడండి. మూట గడితే ఇట్టా కట్టాల” అన్నాడు అందరికీ వినపడేలా.

తర్వాత టార్చి మనుషుల మీదికి తిప్పాడు. తండ్రి. తల్లి, చంకలో పసిబిడ్డ. తండ్రి చెయ్యి పట్టుకుని నాలుగేళ్లవాడు. జేబులోంచి పుస్తకం తీశాడు.

“పెద్దపిల్ల యాడ?”

“ఇంటికాడ వదిలిపెడతన్నాం అయ్యా” అన్నాడు తండ్రి. “బళ్లో టీచరమ్మ అడిగింది. అవ్వ జూసుకుంటాది. లారీలో చోటు గూడా మిగులుద్ది.”

మేస్త్రి వెంటనే మాట్లాడలేదు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. ఇంటి ముందుకు నడిచాడు. అవ్వ పక్కన యూనిఫారంలో, భుజాన సంచితో పిల్ల నిలబడి ఉంది.

“సామాను వదిలిపెట్టమన్నా గానీ, పిల్లల్ని వదిలిపెట్టమన్నానా?” అన్నాడు. గొంతు మెత్తగా ఉంది. “అవ్వకు చూపు ఆనదు. ఇల్లు కాలవ అంచున ఉండాది. ఆడపిల్ల. రేపు జరమొస్తే ఎవురు జూస్తారు? అక్కడ ఐదు నెల్లు నువ్వు అన్నం తినేటప్పుడు ఇది తినిందో లేదో ఎట్టా తెలుస్తాది? నీ బిడ్డ నీ కంటి ముందర ఉండాల గదమ్మా.”

తల్లి రాత్రంతా నిద్రపోలేదు. నిద్రపోనివ్వనివి ఈ మాటలే. ఇప్పుడు అవే ఇంకొకరి నోట వచ్చేసరికి ఆగలేక ఏడ్చేసింది. లారీ మీద కూర్చున్న ఆడవాళ్లు మేస్త్రి మాట నిజమేనన్నారు. పిల్లల గురించి ఇంత పట్టించుకునే మేస్త్రి ఎక్కడ దొరుకుతాడని ఒకామె అంది.

“టీచరమ్మకు మాటిచ్చాం గదా” అన్నాడు తండ్రి.

“టీచరమ్మ సాయంత్రం నాలుక్కి ఇంటికి బోతాది. రాత్రిపూట ఉంటదా?”

అవ్వ ఇంకో మాట వెతుక్కుంది. “మూట బరువైతే లేవదంటివి గదా నాయనా. ఒక మనిషి బరువన్నా తగ్గుద్ది.”

మేస్త్రి వంగి, పిల్ల నడుం చుట్టూ చెయ్యి వేసి, ఒంటి చేత్తో పైకెత్తాడు. ఒక క్షణం అలాగే పట్టుకున్నాడు.

“దీని బరువెంత అవ్వా? ఇది సామాన్లోకి రాదు.”

పిల్ల భుజాన ఉన్న సంచిని రెండో చేత్తో విప్పి అవ్వకు అందించాడు. “ఇదిక్కడే భద్రంగా పెట్టు. వచ్చి చదువుకుంటాది.” పిల్లను లారీలోకి ఎత్తి, మేత సంచి మీద కూర్చోబెట్టాడు. పడిపోకుండా తాడు పట్టుకోమన్నాడు. రెండో యూనిఫారం జత అవ్వ పరుగున తెచ్చి లారీలోకి విసిరింది.

సోమవారం ప్రార్థనలో టీచరమ్మ వరసలు లెక్కపెట్టుకుంది.

ఆపాటికి బట్టీలో గుడిసె లేచింది. టార్పాలిన్ కప్పు సరిగ్గా సరిపోయింది. పాత చీర ఉయ్యాల అయింది. సంచిలోంచి తీసిన ప్రతి వస్తువూ మొదటి రోజే అక్కరకు వచ్చింది. అక్కడ కూలి వెయ్యి ఇటుకల లెక్కన. విరిగింది లెక్కలోకి రాదు. రాత్రి నానేసిన మట్టిని చీకటితోనే లేచి తొక్కి, తండ్రి ముద్దలు చేసి ఇస్తే, తల్లి అచ్చులో కొట్టి నేల మీద వరసగా దించింది. వరసకూ వరసకూ మధ్య పెద్దవాళ్ల పాదం పట్టేంత చోటు లేదు. ఆ కళ్లంలో పొడుగునా అలా ఇటుకలే.

మర్నాటికి ఇటుక పైన ఆరుతుంది, అడుగున పచ్చిగానే ఉంటుంది. రెండో వైపు ఆరాలంటే ఒక్కోదాన్నీ ఎత్తి పక్కకు నిలబెట్టాలి. మధ్య వరసల దాకా పోవాలంటే ఇటుకల మీద నుంచే నడవాలి.

మేస్త్రి గుడిసె దగ్గరికి వచ్చి పెద్దపిల్లను పిలిచాడు. యూనిఫారంలోనే వచ్చింది. చెప్పులు విప్పించి, మొదటి వరస మీద నిలబెట్టాడు. ఇటుక ఎలా తిప్పాలో ఒకటి తిప్పి చూపించాడు.

పచ్చి ఇటుక మీద పెద్దవాళ్లు కాలు పెడితే విరుగుతుంది. తొమ్మిదేళ్ల పిల్ల కాలు పెడితే విరగదు.