శంఖంలో పోసిన కచేరీ

“అభినందనలు. మీ అమ్మాయి అంతర్జాతీయ విద్యార్థి ఆర్కెస్ట్రాకు ఎంపికైంది.” అమెరికాలో బడి బ్యాండులో క్లారినెట్టో, ఆర్కెస్ట్రాలో వయొలినో వాయించే పిల్లలున్న ఇళ్ళకు ఇలాంటి ఉత్తరాలు కొత్త కాదు. మందపాటి కాగితం, బంగారు రంగు ముద్ర, కింద ఎవరో డైరెక్టరుగారి వంకీల సంతకం. మొదటి పేజీ నిండా పిల్ల ప్రతిభ. రెండో పేజీలో న్యూయార్కు, వియన్నా, సిడ్నీ హాళ్ళ ఫొటోలు. అసలు సంగతి మూడో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది: ఇన్ని వేల డాలర్లు, విమానం టికెట్టు అదనం, అమ్మానాన్నలు వస్తే వాళ్ళ ప్యాకేజీ వేరు, ఫలానా తేదీలోగా అడ్వాన్సు కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది, కట్టిన అడ్వాన్సు వెనక్కి రాదు. పాలప్యాకెట్టుకు ఉన్నట్టే ప్రతిభకూ గడువు తేదీ ఉంటుందన్నమాట.

శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. బడి జిమ్నాసియంలో వాయిస్తే మోత. అదే పాట అదే పిల్లలు కార్నెగీ హాలులో వాయిస్తే ఘనకీర్తి. పాత సామెతకు తెలియని కొత్త సదుపాయం ఒకటుంది: ఇప్పుడు శంఖాన్ని గంటల లెక్కన అద్దెకిస్తున్నారు.

కార్నెగీ హాలును నేనేమీ అనడం లేదు. న్యూయార్కులో 57వ వీధి, సెవెంత్ ఎవెన్యూ మూల మీదున్న ఆ హాలు 1891లో తెరిచినప్పుడు చైకోవ్‌స్కీ రష్యా నుంచి వచ్చి స్వయంగా తన సంగీతాన్ని నడిపించాడు. మన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1977లో అక్కడ పాడారు. 1960లో దాన్ని పడగొట్టబోతుంటే వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ నడుం కట్టి ఆపించాడు, నగరమే కొనేసింది. దాదాపు 2,800 మంది పట్టే పెద్ద హాలుకు ఇప్పుడు ఆయన పేరే. ఇంత హాలుకు దీపం బుడ్డి ఖర్చయినా రావాలి కదా! తాను సొంతంగా ఏర్పాటు చేసే కచేరీలు పోగా, మిగిలిన రోజుల్లో బయటివాళ్ళకు అద్దెకిస్తుంది. ఇందులో దాపరికమూ లేదు, తప్పూ లేదు. తప్పల్లా మధ్యలో ఉన్న మనిషిది. కల్యాణమండపం అద్దెకు తీసుకున్నవాడెవడూ “మండపంవాళ్ళు నన్ను పెళ్ళికొడుకుగా ఎంపిక చేశారు” అని శుభలేఖలో అచ్చువేయించుకోడు. సంగీతయాత్రల వ్యాపారి మాత్రం హాలుకు అద్దె కట్టి, ఆ అద్దెను మూడువందల మంది పిల్లల మీద పంచి, పైన తన లాభం వేసుకుని, ఆ మొత్తానికి “గౌరవం” అని పేరు పెడతాడు.

ఈ విషయంలో అందరికంటే నిజాయితీపరురాలు ఫ్లోరెన్స్ ఫాస్టర్ జెంకిన్స్. డబ్బున్న ఇల్లాలు, శ్రుతి లేని గొంతు. 1944 అక్టోబరు 25న, 76 ఏళ్ళ వయసులో, సొంత డబ్బుతో కార్నెగీ హాలు తీసుకుని పాడింది. జనం పగలబడి నవ్వారు. కానీ ఒక్క ముక్క ఒప్పుకోవాలి. ఎవరో తనను ఏరికోరి పిలిచారని ఆవిడ ఏ ఉత్తరమూ చూపించలేదు. పైగా టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. ఇప్పటి “గౌరవ” ఆర్కెస్ట్రాల్లో చుట్టాలు పక్కాలు కాని శ్రోత ఒక్కడు టికెట్టు కొనుక్కుని వచ్చి కూర్చుంటే, బహుశా హోటలుకు వెళ్ళబోయి దారి తప్పినవాడై ఉంటాడు.

అమెరికాకు న్యూయార్కు ఎలాగో, చైనాకు వియన్నా అలాగ. వియన్నాలోని మూజిక్‌ఫెరైన్ భవనంలో 1870లో తెరిచిన స్వర్ణ మందిరం ఉంది. కొత్త సంవత్సరం రోజున వియన్నా ఫిల్‌హార్మోనిక్ కచేరీ ప్రపంచమంతా టీవీలో చూసేది ఆ హాలు నుంచే. 2003లో గాయని సోంగ్ జూయింగ్ అక్కడ పాడాక చైనాలో ఆ హాలు మోజు అంటుకుంది. పిల్లల గానబృందాలు, ఉద్యోగుల బృందాలు, రిటైరైన పెద్దల కోరసులు, ఒకరి వెనక ఒకరు వియన్నా విమానం ఎక్కారు. హాలు అద్దెకు తీసుకోవడం, ఉచిత పాసులు పంచి సీట్లు నింపడం, ఇంటికొచ్చి “వియన్నాను ఉర్రూతలూగించాం” అని చెప్పుకోవడం. వియన్నాకు మాత్రం ఆ సంగతి తెలియదు. చివరికి 2014లో చైనా సంస్కృతి మంత్రిత్వ శాఖే విసిగిపోయి, ప్రజల సొమ్ముతో వెళ్ళి ఇలా బంగారు పూత పూయించుకోవడం ఇక చాలించండని ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వులో వాడిన మాటే అది, బంగారు పూత. సర్కారు కాగితంలో ఇంతటి వ్యంగ్యం పడటం అరుదు.

ఇక ఈ ఆర్కెస్ట్రాలు ఎందుకింత పెద్దవో చూద్దాం. సంగీతం అడిగితే బృందం పెరగడం వేరు. 1910లో మ్యూనిక్‌లో మాలర్ తన ఎనిమిదో సింఫనీని మొదటిసారి వినిపించినప్పుడు వేదిక మీద వెయ్యిమందికి పైగా ఉన్నారు. ఆ రచనకు అంత గొంతు కావాలి, కాబట్టి ఉన్నారు. లెక్క కోసం పెరగడం ఇంకో రకం. 2021లో కారకస్‌లో 8,573 మంది ఒక్కచోట చేరి చైకోవ్‌స్కీ రచన వాయించి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. గిన్నిస్ పిచ్చి మనకూ తక్కువేం కాదు గనక వాళ్ళను వేలెత్తి చూపే అర్హత మనకు లేదు. ఈ యాత్రల బృందాలు మాత్రం మూడో రకం. బ్రామ్స్ సింఫనీకి కావలసింది రెండు ఫ్లూట్లు. ఫ్లూటు నేర్చుకునే పిల్లలు ప్రతి బడిలోనూ బోలెడు. ప్రతి పిల్లా ఒక ప్యాకేజీ, వెనకే అమ్మా నాన్నా రెండు ప్యాకేజీలు. కాబట్టి ఫ్లూట్లు పధ్నాలుగు. పధ్నాలుగు ఫ్లూట్లు ఒకే స్వరాన్ని పధ్నాలుగు రకాలుగా పట్టుకుని లాగుతుంటే బ్రామ్స్ ఏమనుకుంటాడో గానీ ట్రావెల్ ఏజెంటుకు మాత్రం చెవులకు విందే.

యాత్ర ఎలా సాగుతుందో కూడా కాస్త దగ్గర్నుంచి చూడండి. సెల్లో వాయించే పిల్ల ఉందనుకోండి. సెల్లోను సామానులో వేస్తే మెడ విరుగుతుందని భయం. కనక దానికీ విడిగా టికెట్టు. ఎవరి దారికీ అడ్డం రాకుండా సెల్లోకు కిటికీ సీటు ఇచ్చి బెల్టు బిగిస్తారు, వాయించే పిల్లకు మధ్య సీటు. భోజనం మాత్రం ఒక్కటే ఇస్తారు. దిగాక హోటలు బాల్‌రూములో, ఎన్నడూ ముఖాలు చూసుకోని మూడువందల మందికి కొద్దిరోజుల రిహార్సలు. అందులోనూ ఒక పూట నగర సందర్శనం, ఇంకో పూట షాపింగు. ఆఖరి రోజు సాయంత్రం హాలులోకి ఒక తలుపులోంచి మన బృందం వెళుతుంటే, ఇంకో తలుపులోంచి అంతకుముందు బృందం బయటికొస్తూ ఉంటుంది. వేదిక మీద గంటలోపు కార్యక్రమం, తర్వాత గంటన్నర ఫొటోలు.

అసలు కచేరీ ఆ తర్వాత మొదలవుతుంది. ఫొటో ముందు కుటుంబం గ్రూపులోకి, అక్కణ్ణుంచి కులం గ్రూపులోకి, అక్కణ్ణుంచి పూర్వ విద్యార్థుల గ్రూపులోకి వెళ్ళి, వారం తిరక్కుండా గుంటూరులోనో కరీంనగర్‌లోనో జిల్లా ఎడిషన్‌లో తేలుతుంది: “కార్నెగీ హాలులో మెరిసిన తెలుగు తేజం.” పిల్ల సెలవులకు ఊరొచ్చేసరికి సన్మానం సిద్ధం. మైకు సెట్టు, శాలువా, మెమెంటో, మునిసిపల్ మాజీ చైర్మన్‌గారి ప్రసంగం. ఆయన వయొలిన్‌ను రెండుసార్లు వీణ అంటాడు. ఆ హడావిడి అంతా ముగిశాక అమ్మమ్మ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతుంది.

“హాలు నిండిందా తల్లీ?”

“కింద నిండింది అమ్మమ్మా.”

“ఎవరొచ్చారేం?”

“వాయించినవాళ్ళ అమ్మానాన్నలు.”

“నువ్వెక్కడ కూర్చున్నావు?”

“సెకండ్ వయొలిన్లలో, బాగా వెనక. నా ముందు అబ్బాయి పొడుగు. కండక్టర్ కనపళ్ళేదు.”

“మరెట్లా వాయించావే?”

“పక్కమ్మాయిని చూసి.”

నాలుగు ప్రశ్నల్లో అమ్మమ్మ తేల్చేసిన సంగతి పత్రికవాళ్ళకు తేలదు. అడిగితే కదా!

“పిల్లలకు అనుభవం కదండీ, దాన్ని కూడా ఎగతాళి చేస్తారా?” అని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. అనుభవమే, కాదనను. పెద్ద బృందంలో వెనక వరసలో కూర్చోవడం ఏ పిల్లకైనా మంచి చదువు. తన వంతు వచ్చేదాకా ముప్పై రెండు బార్లు మనసులో లెక్కపెట్టుకుంటూ ఆగడం, తన శబ్దం వినపడకుండా ఉండటమే మర్యాద అని తెలుసుకోవడం, పక్కవాళ్ళ విల్లు ఎటు వెళితే తన విల్లు అటు వెళ్ళడం, ఒంటరిగా గదిలో సాధన చేస్తే వచ్చేవి కావు. కొత్త ఊళ్ళు చూడటమూ మంచిదే. తిరుపతికి తీసుకెళ్ళినట్టే వియన్నాకు తీసుకెళ్ళండి. విహారయాత్ర అనండి, వయొలిన్‌తో విహారయాత్ర అనండి, ఎవరూ కాదనరు. పేచీ అంతా “ఎంపికైంది” అన్న ఆ ఒక్క అబద్ధంతోనే. ఆ పిల్లకంటే బాగా వాయించే పిల్ల అదే బడిలో, అదే తరగతిలో ఉంటుంది. ఉత్తరం ఆ ఇంటికీ వచ్చి ఉంటుంది. వాళ్ళ నాన్న మూడో పేజీ దాకా చదివి, మడిచి, సొరుగులో పెట్టి ఉంటాడు. వడపోత జరిగిన మాట నిజం. వడపోసింది మాత్రం శ్రుతినీ లయనూ కాదు, బ్యాంకు బ్యాలెన్సును. ఆ సంగతి పెద్దలకంటే ముందు పిల్లలకు తెలుస్తుంది. కాలేజీ అడ్మిషన్ వ్యాసంలో దాన్నే “నా జీవితాన్ని మార్చిన గౌరవం” అని రాయించినప్పుడు వాళ్ళు సంగీతం నేర్చుకున్నట్టు కాదు. ఇంకేదో నేర్చుకున్నట్టు.

ఎంపిక అంటే ఏమిటో తెలియాలంటే అదే కార్నెగీ హాలు గడప దాటక్కర్లేదు. ఆ హాలు తానే నడిపే అమెరికా జాతీయ యువ ఆర్కెస్ట్రా 2013లో మొదలైంది. పదహారు నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలు. దేశమంతా పోటీ పడతారు, ఆడిషన్‌లో నెగ్గినవాళ్ళకే చోటు. నెగ్గాక పైసా అడగరు. శిక్షణ, బస, విదేశీ ప్రయాణం అన్నీ వాళ్ళవే. మొదటి ఏడాదే మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్, లండన్ తిప్పారు. ఒకే హాలు, ఒకే వేదిక. ఒక బృందాన్ని హాలు పిలిచింది, ఇంకో బృందం హాలును అద్దెకు తీసుకుంది. ఫొటోలో రెండూ ఒకేలా పడతాయి, వ్యాపారి బతుకంతా ఆ పోలిక మీదే.

ఉచితమైందల్లా పవిత్రం అని కూడా నేననను. 1975లో హోసే ఆంటోనియో అబ్రేయు వెనిజులాలో పదకొండుమంది పిల్లలతో మొదలుపెట్టిన సంగీత ఉద్యమం లక్షల మంది పిల్లలకు వాయిద్యాలిచ్చింది. ఆ దేశపు యువ ఆర్కెస్ట్రా 2007లో లండన్‌లో, కండక్టర్ గుస్తావో డుడమెల్ చేతి కింద వాయించిన సాయంత్రం గురించి విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పదేళ్ళు తిరిగాయి. 2017లో అదే డుడమెల్ సర్కారు జులుంను విమర్శిస్తూ నోరు విప్పాడు, అప్పటి అధ్యక్షుడు మదురో ఆ ఏడాదే జాతీయ యువ ఆర్కెస్ట్రా అమెరికా యాత్ర రద్దు చేశాడు. అక్కడ పిల్లలు రుసుము కట్టలేదు, సర్కారు చెల్లించింది. చెల్లించినవాడు మీట నొక్కాడు. అయినా ఒకటి చెప్పుకోవాలి. రద్దయినప్పుడు ప్రపంచం నొచ్చుకుంది, ఎందుకంటే ఆ పిల్లలు ఎలా వాయిస్తారో ప్రపంచానికి తెలుసు. మన ప్యాకేజీ యాత్ర రద్దయితే నొచ్చుకునేది అడ్వాన్సు కట్టినవాళ్ళు మాత్రమే.

పెద్ద బృందం సంగతికొస్తే మనకూ ఒకటుంది. పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది కలిసి త్యాగరాజ పంచరత్నాలు పాడతారు. ఆ సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ, తన సొమ్ము పెట్టి. అక్కడ విద్వాంసుడి వెనకే విద్యార్థి కూర్చుంటాడు, తప్పు పాడితే పక్కవాడి గొంతులో కలిసిపోతుంది. కెమెరాలు వచ్చాక ముందు వరస కోసం మోచేతుల యుద్ధం అక్కడా మొదలైంది, అది వేరే సంగతి. 1978 నుంచి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లోనూ ఆరాధన జరుగుతోంది. పిల్లలు పోటీల్లో పాడి, ఓడి, ఏడ్చి, మళ్ళీ ఏడాది వస్తారు. ఓడిపోయే అవకాశం ఉంది గనకే గెలుపుకు అర్థం ఉంది. డబ్బు కట్టినవాడు ఓడిపోవడానికి వీల్లేని పోటీని పోటీ అనరు, కౌంటర్ అంటారు.

ఈ వ్యాపారాన్ని మూసెయ్యమని నేను అడగను. ఎవరి పొట్ట వాళ్ళది. చిన్న సవరణ ఒకటి కోరుతున్నాను. మన దేశంలో బిస్కెట్టు పొట్లం మీద కూడా ధర అచ్చువేయాలని చట్టం ఉంది. ఆ సర్టిఫికెట్ మీదా మూడు గళ్ళు వేయించండి: పిల్ల వాయించింది విన్నదెవరు, ఎంతమందిని వద్దన్నారు, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర ఎంత. మొదటి రెండు గళ్ళు ఖాళీగా ఉన్నా పరవాలేదు, మూడోది నింపితే చాలు. పత్రికలవాళ్ళు తెలుగు తేజం పక్కనే ఆ అంకె కూడా వేయాలి. అలాంటి సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి, వచ్చేపోయేవాళ్ళకు కనిపించేలా గోడకు తగిలించే ధైర్యమున్న తండ్రి ఎవరైనా ఉంటే చెప్పండి. ఊరంతా పిలిచి శాలువా నేను కప్పుతాను. శాలువా ఖర్చు, హాలు అద్దె మాత్రం ఆయనే కట్టుకోవాలి. అడ్వాన్సు వెనక్కి రాదు.