పాటకు తప్ప

గత మాఘమాసములో మా పెదనాన్నగారు తొంబదిరెండేండ్ల పండువయస్సున కాలధర్మము నొందినప్పుడు, వాకిట పందిరిక్రింద ఆయనను పరుండబెట్టి, దూరపు ఊళ్ళనుండి రావలసినవారికొరకు మేమందరము ఎదురుచూచుచుండగా, ఘంటసాలవారి భగవద్గీత పెట్టినచో బాగుండునని బంధువులలో ఒకరికి తోచెను. 1974వ సంవత్సరమున తాము లోకమును విడుచుచు ఆ మహాగాయకుడు మనకు విడిచిపోయిన ఆ గీత, తెలుగునాట ఏ వీధిమలుపున వినబడినను బాటసారి నడక తగ్గించి “ఎవరింట్లో?” అని అడుగునంతగా మరణముతో పెనవేసికొనిపోయినది. మా మేనల్లుడు నలువదివేల రూపాయల ఫోనును జేబులోనుండి తీసి, పెదనాన్నగారి తలకడ వెలుగుచున్న ప్రమిద ప్రక్కన ఉంచెను. కర్మఫలమునం దాశ విడువుమని భగవానుడు అర్జునునకు బోధించి ముగించెనో లేదో, ఒక కన్నెపిల్ల కంఠము, ఏ హామీయు లేకుండ అయిదు నిమిషములలో అయిదు లక్షల రూపాయల అప్పు ఇప్పించెదనని ఆ తలకడనుండియే మహోత్సాహముతో పలికెను. ఏడ్చుచున్నవారు ఒక్క క్షణము నిలిచిరి. జన్మలో కిరాణాకొట్టున సైతము ఖాతా పెట్టి యెరుగని మా పెదనాన్నగారు మాత్రము చలింపలేదు.

“ఐదు సెకన్లు ఆగు మావయ్యా, స్కిప్ వస్తుంది,” అని మేనల్లుడు నా చెవిలో చెప్పెను.

“నెలనెలా ఎంతో కొంత కడితే ఈ గోల ఉండదటగా?” అని నేనడిగితిని.

వాడు నావంక వింతగా చూచి, “పాటలకి డబ్బులెవరిస్తారు మావయ్యా!” అనెను.

దుఃఖసమయమున వచ్చిన మాట యగుటచేత అప్పటికి ఊరకుంటిని గాని, పదునొకండవ దినమునకును ఆ మాట నన్ను విడువలేదు. వీడు దుర్మార్గుడా యన్నచో కాడు. త్రోవలో దొరికిన పర్సును పోలీసుస్టేషనులో అప్పగించి వచ్చినవాడు; హోటలువాడు బిల్లులో ఇడ్లీ పళ్ళెమొకటి తక్కువ వేసినచో తానై చెప్పి వేయించుకొనువాడు. పరుల సొమ్మును మట్టిబెడ్డవలె చూడవలెనని పెద్దలు చెప్పిన నీతిని వాడును చదివినాడు, నేనును చదివితిని. ఐతే పాట విషయమున మాత్రము ఆ నీతికి మనవారు చెప్పుకొన్న వ్యాఖ్యానము వేరు: మట్టిబెడ్డయే యైనప్పుడు దానిని ఎవరు ఏరుకొన్న నేమి?

వానిని తప్పుపట్టుటకు నాకు అధికారము లేదని నేను ఎరుగుదును. నేను కాలేజీలో చదువుకొన్న 1980ల దినములలో మా ఊరి బస్టాండున కెదురుగా ఒక రికార్డింగు సెంటరు ఉండెడిది. కంపెనీవారి క్యాసెట్టు కొన్నచో వారు కూర్చిన పాటలన్నియు వినవలసివచ్చును, వానిలో మనకు కావలసినవి రెండో మూడో యుండును. కావున తెల్లకాగితముమీద ఇరువది పాటల జాబితా వ్రాసి, తొంబది నిమిషముల ఖాళీ క్యాసెట్టుతో కూడ ఆ సెంటరు యజమానికి సమర్పించినచో, నాలుగు దినములకు మన అభిరుచియే రూపుదాల్చినట్టి క్యాసెట్టు ఒకటి చేతికి వచ్చెడిది. ఆ కొట్టులో నిలిచి నేను అనుభవించిన ధర్మసంకటము చౌర్యమును గూర్చినది కాదు. ఒక ప్రక్క నలువదియైదు నిమిషములు నిండునప్పటికి పదియవ పాట రెండవ చరణమున తెగిపోవునా, లేక దానిని మాని చిన్న పాట వేయించుట మేలా యనునదే. “చివర రెండు నిమిషాలు మిగిలింది బాబూ, ఫ్లూటు బిట్టు వేసేశా, దానికి డబ్బులొద్దులే,” అని ఆయన ఉదారముగా పలికెడివాడు. ఆ వేణువు ఎవరిదో ఆయనకును తెలియదు, నాకును తెలియదు. అట్టమీద ముత్యములవంటి అక్షరములతో పాట పల్లవియు, చిత్రము పేరును, నాయకుని పేరును వ్రాసి యిచ్చెడివాడు. పాట వ్రాసినవాని పేరు గాని, స్వరము కట్టినవాని పేరు గాని అందు ఉండెడిది కాదు, అట్ట ఇరుకు. టేపు నలిగి చిక్కుపడినప్పుడెల్ల పెన్సిలు దూర్చి త్రిప్పుకొనుచు ఆ క్యాసెట్టును పదునైదేండ్లు పదిలపరచితిని. ఇప్పుడు పద్దు చూచుకొనగా, ఖాళీ క్యాసెట్టు చేసినవానికి ఇచ్చితిని, ఎక్కించినవానికి పాటకింతయని ఇచ్చితిని, టేపురికార్డరు అమ్మినవానికి వాయిదాలపై ఇచ్చితిని, బ్యాటరీలకు ఇచ్చితిని, హెడ్డు తుడుచు స్పిరిటునకు సైతము ఇచ్చితిని. పాటకు తప్ప అన్నిటికిని ఇచ్చితిని.

మా తరువాతివారు వచ్చునప్పటికి పాటను కొలుచు మానము మారెను. మెమరీ కార్డు పట్టుకొని సెల్‌ఫోను కొట్టునకు పోయి పాటలు కావలెనని అడిగినచో, “ఎన్ని జీబీ అంకుల్?” అని కుర్రవాడు అడిగెను. ఏ పాటలని అడుగలేదు. పాతవా క్రొత్తవా అని మాత్రము, సన్నాలా దొడ్డా అని బియ్యపు వర్తకుడు అడిగినట్లు అడిగి, “భక్తి సపరేట్ ఫోల్డర్ వేస్తా,” అని నా నెరసిన తలను చూచి తానే చేర్చెను. నాలుగు జీబీల కార్డున వేయి పాటలు పట్టినవి. కుర్రవాడు పుచ్చుకొన్నది యాబది రూపాయలు. పాటకు అయిదు పైసలు పడినది. ఆ అయిదు పైసలును తన చేతికూలియే యని వాడు స్పష్టముగా చెప్పెను. ఇంతకంటె నిజాయితీగల రసీదును నేను ఏ కంపెనీవలనను పొంది యెరుగను.

ఆ దినములలోనే ఆడియో విడుదల సభలు తిరునాళ్ళవలె జరుగుచుండెడివి. తళుకుకాగితము చుట్టి రిబ్బను కట్టిన సీడీని ముఖ్య అతిథి విప్పగా, వేదికమీది పదుగురును తలకొకటి చొప్పున గుండెలకు ఆనించి కెమెరావైపు చూపెడివారు; పిదప ఒక్కొక్కరును లేచి, దయచేసి పైరసీని ప్రోత్సహింపవలదని చేతులెత్తి వేడుకొనెడివారు. ఆ చివరి సంవత్సరములలో, ఆ సీడీని పెట్టి వినదగిన యంత్రము వేదికమీదివారిలో ఒక్కరి యింటనైనను ఉండెనా యని నాకు గట్టి అనుమానము.

ఈ సందేహములన్నియు తీర్చగలవారు మా అపార్టుమెంటు క్రింది అంతస్తున ఉన్న లెక్చరరుగారని తలచి వారిని ఆశ్రయించితిని. “సంగీతం సరస్వతీ ప్రసాదమండీ,” అని వారు కన్నులు అరమోడ్చిరి. “దాన్ని అమ్మడమే తప్పు. కొనకపోవడం తప్పెలా అవుతుంది? త్యాగరాజస్వామి డబ్బులు పుచ్చుకున్నారా?” వీరు ఒక కోచింగు సెంటరు నడుపుచున్నారు, సరస్వతి అచ్చట ఏడాదికి రెండు లక్షలకు తక్కువ పలుకదు, తాము అచ్చువేయించిన మెటీరియలును జెరాక్సు తీయించి తమ్మునికి పంపిన పిల్లవానిని క్రిందటేడు క్లాసునుండి వెడలగొట్టిరి. అది అటుండనిండు. త్యాగరాజు తంజావూరు ప్రభువు పిలుపును కాదన్నమాట లోకప్రసిద్ధమే. ఐనను ఆ మహానుభావుడు గాలి భోంచేసి కృతులు చెప్పలేదు. ఉంఛవృత్తి నవలంబించి, హరినామము పాడుచు తిరువయ్యారు వీధులలో నడచునప్పుడు, గుమ్మములలో నిలిచిన ఇల్లాండ్రు పిడికెడు బియ్యము ఆయన పాత్రలో వేసెడివారు. పాట వెల కట్టరానిదని వారికిని తెలియును. పాడినవానికి ఆకలి యగునని కూడ తెలియును. ఆ పిడికెడు బియ్యము నేటి రూపాయలలో ఎంతయగునో చెప్పుడని లెక్చరరుగారిని అడుగగా, గణితము వారి విషయమే యైనను, లోపల ఫోను మ్రోగుచున్నదని లేచి వెళ్ళిరి. నాకు వినబడలేదు.

శ్రోతలను మాత్రమే దొంగలనుట పక్షపాతము. 1957 నాటి కాపీరైటు చట్టమును వ్యాఖ్యానించుచు 1977లో సుప్రీంకోర్టు, సినిమాకొరకు సొమ్ము పుచ్చుకొని పాట కట్టినవానికి వేరు ఒడంబడిక లేనిచో ఆ పాటపై హక్కు నిర్మాతదే యని తేల్చెను. ఆ తీర్పునకే అనుబంధముగా న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు, నాదమునకు పరవశించు ఈ దేశమున పాడినవాని గొంతునకు చట్టములో చోటు లేకపోవుటను గూర్చి తమ విచారమును వెలిబుచ్చిరి. ఆ విచారము తీరుటకు, అనగా పాడినవారికి చట్టము హక్కులిచ్చుటకు, 1994 వరకు పట్టినది. రచయితకును స్వరకర్తకును రాయల్టీలో సమభాగము ఉండవలెననియు, దానిని వదలుకొంటినని వారిచేత వ్రాయించుకొన్న కాగితము చెల్లదనియు చెప్పుటకు 2012 రావలసివచ్చినది. అందులకై హిందీ పాటల కవి జావేద్ అఖ్తరు రాజ్యసభలో కూర్చుండి పోరవలసివచ్చినది. అందాక చాలమంది కవులు ఒక్కసారి ముట్టినదానితోనే సరిపెట్టుకొనిరి. కావున నేను ఎగవేసిన క్యాసెట్టు సొమ్ములో కవికి రావలసిన వాటా సున్నయే యనియు, నా చౌర్యము ఆయనను తాకనే లేదనియు వాదింపవచ్చును. నా వయస్సున ఇట్టి వాదములు నిద్రపట్టుటకు మిక్కిలి ఉపకరించును.

కవిగాని స్వరకర్తగాని నోరు తెరచి అడిగినచో మనము ఏమనుకొందుమో కూడ చూచితిమి గదా. 2017లో, అనుమతి లేక తన పాటలను కచేరీలలో పాడరాదని ఇళయరాజాగారు బాలసుబ్రహ్మణ్యముగారికి లాయరు నోటీసు పంపించినప్పుడు, స్నేహము గొప్పదా స్వత్వము గొప్పదా యని మా వీధి టీకొట్టువద్ద నలుగురు మిత్రులు కప్పులు చల్లారిపోవునంతవరకు వాదించిరి. నడుమ ఒకరి ఫోను మ్రోగెను. ఆ మ్రోగినది ఇళయరాజా స్వరమే. దానికి అనుమతి ఎవరిచ్చిరని నేనడుగగా, “రింగ్‌టోనుకి కూడానా సార్!” అని నలుగురును, అంతవరకు లేని ఐకమత్యముతో, నావైపు తిరిగిరి.

చట్టమునకు మనయందు దయ లేదనరాదు. ఉల్లంఘించినవానికి మూడేండ్లవరకు చెరయు, రెండు లక్షలవరకు జరిమానాయు 63వ సెక్షనులో వ్రాసియున్నవి గాని, మతకర్మలలో పాట పెట్టుకొన్నచో అది ఉల్లంఘనము కాదని 52వ సెక్షను అభయమిచ్చుచున్నది. పెండ్లి ఊరేగింపును ఆ మతకర్మలలోనిదే యని దాని క్రింద వివరణము కూడ కలదు. కావున లారీనిండ డీజే పెట్టెలు పేర్చి, అర్ధరాత్రివేళ మా కిటికీల అద్దములు వణకునట్లు పెండ్లికొడుకు మిత్రులు మొన్న ఆడిన ఆట చట్టము దృష్టిలో శ్రద్ధాభక్తులతో చేయబడిన కర్మకాండయే. పార్లమెంటు సభ్యులు పిలిచిన ప్రతి పెండ్లికిని పోవువారు గనుక వారికి ఈ వైదికరహస్యము తెలియకపోదు.

2007లో రేడియోహెడ్ అను ఇంగ్లండు బృందము తమ క్రొత్త ఆల్బమును నెట్టులో నుంచి, మీకు తోచినంత ఇచ్చి దింపుకొనుడని ప్రకటించినప్పుడు ప్రపంచమంతయు విడ్డూరపడినది. మనకది విడ్డూరము కాదు. సంభావన ఎంతయని అడిగినచో మన పురోహితుడును “తమ చిత్తం” అనును. ఐతే పురోహితుడు ఎదుట నిలిచియుండును, ఆయన వెనుక మన అత్తగారు నిలిచియుందురు. తెరమీది గడిలో సున్న వేయునప్పుడు వెనుక ఎవరును ఉండరు. అచ్చట సున్న వేసినవారు చాలమందియే తేలిరట.

పెదనాన్నగారి మాసికము నాటికి నేను ఒక నిశ్చయమునకు వచ్చి, పాటల యాపు ఒకదానికి నెలసరి చందా కట్టితిని. అప్పుల కన్నెపిల్ల అదృశ్యమైనది. కాని రెండవ నెలలో ఒకనాటి ఉదయమున, నేను నిత్యము వినెడి పాట పేరు బూడిదవర్ణముగా మారి, ఎంత నొక్కినను పలుకదయ్యెను. ఆ పాట గలవారికిని, ఈ యాపువారికిని బేరము చెడినదట. నేను కొంటిననుకొన్నది ఏదియు కొనలేదనియు, అద్దెకుండువాడను మాత్రమే యనియు, ఇంటివారు ఎప్పుడు కావలసినను సామాను తీసికొనిపోవుదురనియు అప్పుడు తెలిసినది. కావున సొంతముగా కొనదలచి, హైదరాబాదు కోఠీలో, ఒకప్పుడు క్యాసెట్టులును ఇప్పుడు ఫోను కవర్లును అమ్ము కొట్టునకు పోయి, పెండ్యాల నాగేశ్వరరావుగారి పాటల సీడీ కావలెనంటిని. కొట్టువాడు అటకమీది అట్టపెట్టె దింపి, దుమ్ము ఊది, “ప్లేయర్ ఉందా సార్ ఇంట్లో?” అని జాలిగా అడిగి, నూటయాబది పుచ్చుకొనెను. బస్సులో కూర్చుండి అట్టను త్రిప్పి చూచితిని. స్వరకర్త పేరు, పాటపాటకును వ్రాసినవారి పేరు, పాడినవారి పేరు. ఏ ఒక్కటియు విడువలేదు. ఈ అట్టయు ఆ క్యాసెట్టు అట్టకంటె మరీ పెద్దదేమియు కాదు.

ఇంట ప్లేయరు లేదు. అబ్బాయి విడిచిపోయిన ల్యాపుటాపునకు సీడీ పెట్టు అర లేదు. సాయంకాలము మేనల్లుడు వచ్చి, అట్ట వెనుకటి జాబితా చూచి, “ఇవేగా మావయ్యా, ఉండు,” అని రెండు నిమిషములలో అన్ని పాటలను ఎచ్చటినుండియో నా ఫోనులోనికి దింపి, కాఫీ త్రాగి వెళ్ళెను. మరునాటి ఉదయము నేను పెండ్యాలవారిని వినుచు బాల్కనీలోనికి రాగా, నా భార్య ఆ సీడీని దారమునకు గ్రుచ్చి, తులసికుండీకి పైగా, పావురములు రాకుండ కట్టుచుండెను. ఎండ సోకి అది చక్కగా తళతళలాడుచున్నది.

“ఎంతకి కొన్నారు?” అని ఆమె అడిగెను.

“నూటయాభై.”

“పావురాలకి పాతవి సరిపోయేవి కదండీ,” అనెను.