పన్నెండు యంత్రాలు, రెండు రిబ్బన్లు, క్వింటా పసుపు

ఎన్నికలు రాగానే పత్రికలకు ఒక జబ్బు పట్టుకుంటుంది. దాని పేరు ‘నియోజకవర్గ ముఖచిత్రం’. ఓటర్లెందరు, అసెంబ్లీ స్థానాలెన్ని, ఎవరు గెలిచారు, ఎవరు మట్టి కరిచారు అని గళ్లు నింపి, పక్కన ఖిల్లా ఫొటో ఒకటి వేసి చేతులు దులుపుకుంటాం. ఈసారి నిజామాబాద్ లోక్‌సభ గళ్లు నేను నింపుతాను. గళ్లు పత్రికవే, నింపుడు నాది.

అసెంబ్లీ స్థానాలు: ఏడు. నిజామాబాద్ అర్బన్, రూరల్, ఆర్మూరు, బోధన్, బాల్కొండ. పక్క జిల్లా నుంచి జగిత్యాల, కోరుట్ల. జిల్లాలు వేరైనా బాధ ఒకటే. ఆర్మూరులో తవ్విన పసుపుకీ మెట్‌పల్లిలో తవ్విన పసుపుకీ ఖరీదుదారు ఒకే రకంగా మొహం చిట్లిస్తాడు.

గత విజేతలు: తొలి మూడు ఎన్నికల్లో హరీశ్చంద్ర హెడా. 1967లో ఎం. నారాయణరెడ్డి ఏ పార్టీ జెండా లేకుండా స్వతంత్రుడిగా గెలిచి ఢిల్లీ వెళ్లారు. ఆ తర్వాత కాంగ్రెస్, తెలుగుదేశం వంతులవారీగా వాయించాయి. 2004లో న్యూయార్క్‌లో వకాల్తాలు పుచ్చుకునే మధుయాష్కీ వచ్చి రెండుసార్లు గెలిచారు. 2014లో ముఖ్యమంత్రి కూతురు కవిత. 2019లోనూ 2024లోనూ ధర్మపురి అర్వింద్. 2019 నాటికి ఆయన తండ్రి డి. శ్రీనివాస్ టీఆర్ఎస్ తరఫున రాజ్యసభలో ఉన్నారు. కొడుకు బీజేపీ టికెట్ మీద టీఆర్ఎస్‌ను ఓడించారు. ఏ గాలి వీచినా ఆ ఇంట్లో ఒక కిటికీ తెరిచే ఉంటుందన్నమాట.

పరిశ్రమలు: బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ. 1930ల చివర్లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు మోసింది. 2002లో ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో తాళం పడింది. అప్పటినుంచి అది క్రషింగ్ మానేసి హామీలు ఉత్పత్తి చేస్తోంది. అధికారంలో ఉన్నవాళ్లు ‘పరిశీలిస్తున్నాం’ అంటారు, లేనివాళ్లు ‘రాగానే తెరిపిస్తాం’ అంటారు. కుర్చీ మారితే డైలాగు మారుతుంది, తాళం మారదు.

అభ్యర్థుల సంఖ్య: ఈ గడి దగ్గర కాస్త కూచోవాలి. 2019లో బరిలో నిలిచింది 185 మంది. అందులో 178 మంది దాకా రైతులే. పసుపుకు క్వింటా 15,000, ఎర్రజొన్నకు 3,500 ఇప్పించండి, పసుపు బోర్డు పెట్టండి అని రోడ్డెక్కి, ఎవరూ వినకపోయేసరికి కలెక్టరేటు ముందు నామినేషన్లకు వరుస కట్టారు. ధరావతు ఒక్కొక్కరికి 25,000. యార్డులో క్వింటా ఐదారు వేలు పలికే రోజుల్లో ఆ సొమ్ముకు నాలుగైదు క్వింటాళ్లు అమ్ముకోవాలి. విత్తిన దగ్గర్నుంచి తొమ్మిది నెలలు కాపాడి, తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబెట్టి, డ్రమ్ములో వేసి మెరుగు పెట్టిన పసుపును ప్రజాస్వామ్యానికి ధరావతుగా కట్టిన రైతులు వీళ్లు.

అప్పుడు ఎన్నికల సంఘానికి చెమటలు పట్టాయి. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 గడులు. 185 మందికి, నోటాకి కలిపి 12 యూనిట్లు కావాలి. పన్నెండింటినీ ‘ఎల్’ ఆకారంలో పేర్చారు. గుర్తింపు పొందిన పార్టీలకు ముందు వరుస కాబట్టి పెద్దలంతా మొదటి పెట్టెలోనే దర్జాగా కూచున్నారు. రైతులు వెనకాల డబ్బాల్లో, నోటా చిట్టచివర. ఏప్రిల్ 11న పోలింగ్. పొద్దున్నే వచ్చిన పెద్దాయన కళ్లజోడు సవరించుకుని ఆ వరుస పొడవునా చూస్తూ, ‘సారూ, మా ఊరాయన గుర్తు యాడున్నది?’ అని అడిగితే అధికారి చెప్పకూడదు, రూలు ఒప్పుకోదు. ‘తాతా, ఇంకా ముందుకు పో’ అనడమూ ప్రచారమే అవుతుందేమో! నిరసన చెప్పాలనుకున్న రైతుకు ప్రభుత్వం దారి చూపలేదు గానీ, నడవడానికి కావలసినంత దారి పరిచింది.

ఇది మన వాళ్లకు కొత్తేమీ కాదు. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి నల్గొండలో 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది. వెంటనే ఢిల్లీ కదిలింది. నీళ్లివ్వడానికి కాదు, 500 ఉన్న ధరావతును 10,000 చెయ్యడానికి. రోగం కంటే రోగుల వరుసను తగ్గించడం సులువని ఢిల్లీకి అప్పుడే తెలిసింది. నిజామాబాద్ రైతులు 2019లోనే ప్రధాని పోటీ చేస్తున్న వారణాసి దాకా కూడా వెళ్లారు. అక్కడ వాళ్ల నామినేషన్లు చాలావరకు తిరస్కరించారు.

ప్రధాన వాగ్దానం: పసుపు బోర్డు. కవిత పార్లమెంటులో ప్రైవేటు బిల్లు పెట్టారు, బోర్డు రాలేదు. అర్వింద్ గెలిచిన ఐదు రోజుల్లో తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చారు, డెబ్బై వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఐదు రోజులు గడిచాయి. 2020లో సుగంధద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయం వచ్చింది. బోర్డు కంటే ఇదే మేలన్నారు. 2023 అక్టోబరులో, అసెంబ్లీ ఎన్నికల ముంగిట, పాలమూరు సభలో ప్రధాని అసలు బోర్డే ప్రకటించారు. 2025 సంక్రాంతి రోజున ఢిల్లీలో పీయూష్ గోయల్ ప్రారంభించారు. అదే ఏడాది జూన్‌లో అమిత్ షా నిజామాబాద్‌కు వచ్చి ప్రధాన కార్యాలయం ప్రారంభించారు. ఒకే బోర్డుకు రెండు రిబ్బన్లు. ఆలస్యమైతేనేం, కత్తెరకు పని రెట్టింపైంది.

ప్రస్తుత పరిస్థితి: అడిగినవి మూడు, వచ్చింది ఒకటి. అందులోనూ రిబ్బన్ కట్టడానికి వీలున్నదే వచ్చింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో పసుపు లేదు. బోర్డు వచ్చినా చేరలేదు. బోర్డు పని ఎగుమతులు, పరిశోధన, విలువ జోడింపు. 2030కి ఎగుమతులు వంద కోట్ల డాలర్లకు చేరాలట. మంచిదే. కానీ డాలరు యార్డుకు రాదు, ఖరీదుదారు వస్తాడు. బోర్డు తలుపు తీయకముందే 2024 మార్చిలో ఇక్కడ క్వింటా 18,000 దాటింది. బోర్డు మొదలైన ఏడాది మార్చిలో ధర పడిపోయి అదే ఊళ్లో రైతులు మళ్లీ రోడ్డెక్కారు. ధరను బోర్డు పెంచలేదు, దించనూ లేదు. అందులో దాని తప్పేమీ లేదు. ధర చూసే పని దానికి ఎవరూ అప్పగించలేదు.

నాయకులకు తెలిసిన రహస్యం ఒకటే. ధర అడిగినవాడికి భవనం చూపిస్తే ఫొటో వస్తుంది, ఫొటో వస్తే ఓటొస్తుంది. బోర్డు అవసరం లేదని నేననను. బోర్డు పేరుతో ధర మాట మరుగున పడిందంటాను.

కాబట్టి నిజామాబాద్ ఓటరన్నా, ఈసారి అభ్యర్థి గుమ్మంలోకి వస్తే బాండు పేపరు అడగొద్దు. కొమ్ము క్వింటాకు ఎంత, మండకు ఎంత, ఆ ధరకు కొనేదెవరు, ఏ తారీకు నుంచి కొంటారు? నాలుగే ప్రశ్నలు. జవాబు చెప్పినవాడికే ఓటెయ్యి, అతను పన్నెండో పెట్టెలో ఉన్నా సరే.