ఈల తీసి జేబులో పెట్టండి మాస్టారూ

స్కౌట్ మాస్టరుగా చేరే పెద్దమనిషికి ఇవ్వదగ్గ మొదటి సలహా ఈల గురించి. దాన్ని మెళ్ళోంచి తీసి జేబులో వేసుకోవాలి. జేబుకు బొత్తాం ఉంటే మరీ మంచిది. తమిళనాడు వేలూరు జిల్లా పళ్ళికొండలో సాయంత్రం నాలుగున్నర దాటాక బడి ప్రహరీ పక్కన నడిస్తే ఈ సలహా ఎందుకో చెవులకే తెలిసివస్తుంది. వరసలో నిలబడమని ఒక ఈల. వరస వంకరపోయిందని ఒక ఈల. ఈల వినపడలేదా అని గద్దించడానికి ఇంకో ఈల. ఆదివారం కూడా వదలరు. శేషశయ్య మీద పడుకున్న ఉత్తర రంగనాథుడి గుడి ఉన్న ఊళ్ళో నిద్రపట్టే అదృష్టం ఆ ఒక్కడికే మిగిలింది.

స్కౌటు ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ 1908లో వెలువరించిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్'లో ఈల సంకేతాలు లెక్కగా ఉన్నాయి. పొడుగ్గా ఒక్కసారి ఊదితే అందరూ నోరు మూసుకోవాలి. పొడుగు ఊతలు నెమ్మదిగా ఒకదాని వెంట ఒకటి వస్తే చెదిరిపోవాలి. పొట్టి ఊతలు గబగబా వస్తే చుట్టూ చేరాలి. పొట్టీ పొడుగూ మార్చి మార్చి వస్తే ప్రమాదం. మూడు పొట్టి ఊతల తర్వాత ఒక పొడుగు ఊత వస్తే పెట్రోల్ లీడర్లు, అంటే చిన్న జట్ల నాయకులు మాత్రమే రావాలి. మన మైదానాల్లో వీటన్నిటికీ కలిపి ఒకటే అర్థం: సారుకు కోపం వచ్చింది. తమిళనాడు బస్సు కండక్టరు ఒక ఈలతో బండిని ఆపిస్తాడు, రెండు ఈలలతో కదిలిస్తాడు. ఆ రెండిటితోనే గుడియాత్తం నుంచి వేలూరు దాకా నెట్టుకొస్తాడు. రోజూ బస్సులో వచ్చే పిల్లలకు ఆ భాష బాగా వచ్చు కనక, సారు పొరపాటున రెండుసార్లు ఊదితే పుస్తకాల సంచీ తగిలించుకుని ఇంటిదారి పడతారు.

1907 ఆగస్టులో బ్రౌన్సీ దీవిలో తొలి శిబిరం పెట్టినప్పుడు బేడెన్ పవెల్ పిల్లల్ని లేపడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన కుడూ జింక కొమ్ము ఊదారు. కొమ్ము ఊదడానికి దమ్ము కావాలి. ఈలకు అక్కర్లేదు, చిక్కంతా అందులోనే ఉంది.

పెద్దలు ఈ పనిలోకి ఎలా వస్తారన్నది రెండో అంశం. కాగితం మీద ఇది జీతం లేని స్వచ్ఛంద సేవ. ఆచరణలో, స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టరు కళ్ళజోడు పైకి తోసుకుని చుట్టూ చూసినప్పుడు తల దించుకోవడంలో ఎవరు ఆలస్యం చేస్తే వారు స్వచ్ఛందంగా ముందుకొచ్చినట్టు లెక్క. ఆయన నెత్తిన అప్పటికే జూనియర్ రెడ్ క్రాసు, ఓటర్ల జాబితా, సైన్సు ఎగ్జిబిషను ఉంటాయి. ఇకమీదట యూనిఫాం చొక్కా, స్కార్ఫు కూడా. తర్వాత బేసిక్ కోర్సు, అడ్వాన్స్ కోర్సు, ఆపైన హిమాలయ వుడ్ బ్యాడ్జి. అన్నీ ముగిస్తే మెళ్ళో తోలుతాడుకు గుచ్చిన రెండు చెక్కపూసలు దక్కుతాయి. ఇంట్లో వాటి విలువ అడగకూడదు.

ఈ ఉద్యమం పళ్ళికొండకు రెండు వైపుల నుంచీ వచ్చిందనుకోవచ్చు. దేశంలో తొలి స్కౌటు దళం 1909లో బెంగుళూరులో మొదలైంది; అందులో తెల్లవాళ్ళ పిల్లలకూ ఆంగ్లో ఇండియన్లకూ మాత్రమే చోటు. ఆ తలుపు తెరుచుకోకపోవడంతో 1916లో అనీబిసెంటు, ఆమె సహచరుడు అరండేల్ మద్రాసులో భారతీయ బాలుర కోసం వేరే సంఘం పెట్టారు. విడివిడిగా నడిచిన సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడు ఆడపిల్లల విభాగమైన గైడ్లూ వచ్చి చేరారు. బెంగుళూరుకూ మద్రాసుకూ మధ్య హైవే మీద పళ్ళికొండ టోల్‌గేటు ఉంది. లారీలతో పాటు ఆదర్శాలు కూడా అక్కడ కాసేపు ఆగవలసిందే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బేడెన్ పవెల్ స్కౌట్ మాస్టర్ల కోసమే ఒక చేతిపుస్తకం రాశారు. దాని సారం: స్కౌట్ మాస్టరు బడిపంతులు కాకూడదు, సైన్యాధికారి కాకూడదు, ప్రవచనకారుడు అసలే కాకూడదు, పిల్లలకు అన్నయ్యలా ఉండాలి. మన దేశంలో ఎక్కువగా బడిపంతుళ్ళనే స్కౌట్ మాస్టర్లుగా వేసి ఈ సలహాను పాటిస్తున్నాం. నాలుగింటి దాకా లెక్కల సారుగా బెత్తం చూపినవాడు నాలుగుంపావుకు స్కార్ఫు కట్టుకుని అన్నయ్య అయిపోవాలి. పిల్లలు ఇంత త్వరగా నమ్మరు.

తల్లిదండ్రుల సలహాలు వేరే శాఖ. మాటకు, ఒక అవ్వ గేటు దగ్గరికొచ్చి, "మా వాణ్ణి ఎండలో నిలబెట్టొద్దు అయ్యోరా, సొమ్మసిల్లి పడిపోతాడు" అని చెప్పిపోతుంది. ఆ మనవడే కత్తిరి ఎండల్లో పాలారు ఏటి ఇసకలో పొద్దుగూకేదాకా క్రికెట్ ఆడతాడు, ఒకసారీ సొమ్మసిల్లడు. ఇక ఎడమచేతి కరచాలనం. ప్రపంచమంతటా స్కౌట్లు ఎడమ చేయే కలుపుతారు. ఈ సీమలో ఎడమ చేత్తో చిల్లర ఇచ్చినా దుకాణదారు మొహం చిట్లిస్తాడు. కొత్తగా నేర్చిన కుర్రాడు పెళ్ళిలో పెదనాన్నకు ఎడమ చేయి చాచాడంటే ఆ వారం బడికి వచ్చే మొదటి ఫిర్యాదు అదే. దీనికి మందు లేదు. వినయంగా విని తల ఊపాలి.

ముడుల దగ్గర కొంత ఆగాలి. స్కౌటు శిక్షణలో తొలి మెట్టయిన ప్రథమ సోపాన్‌లో రీఫ్ నాట్, షీట్ బెండ్, క్లోవ్ హిచ్, బోలైన్ వగైరాలు రావాలి. రీఫ్ నాట్‌లో కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి వేయాలి. రెండుసార్లూ కుడి మీద ఎడమే వేస్తే అది గ్రానీ నాట్ అవుతుంది, బరువు పడగానే జారుతుంది. నేర్పే పెద్దాయన పిల్లలకు ఎదురుగా నిలబడి చూపిస్తాడు కనక ఆయన కుడి వాళ్ళకు ఎడమ. ఈ చిన్న సంగతి గుర్తుకు రానందువల్ల తరతరాలుగా గ్రానీ నాట్లే వర్ధిల్లుతున్నాయి. బోలైన్‌కు ఒక కథ ఉంది: కుందేలు కలుగులోంచి పైకొచ్చి, చెట్టు చుట్టూ తిరిగి, మళ్ళీ కలుగులో దూరుతుంది. ఇంగ్లండు పిల్లలు దీన్ని విని ముడి వేస్తారట. పళ్ళికొండ పిల్లలు విని ప్రశ్నలు వేస్తారు. ఎందుకు తిరిగిపోయింది సార్? కుక్క తరిమిందా? చెట్టు పేరేంటి సార్? ఒకడు తమ మామ కొండ దగ్గర తీగ ఉచ్చు పెట్టే విధానం వివరిస్తాడు. ఇంకొకడు అటవీశాఖ వాళ్ళు పట్టుకుంటే ఎంత జరిమానా కట్టాలో చెబుతాడు. మూడోవాడు కుందేలు కూరకీ కోడికూరకీ తేడా చెప్పేసరికి గంట కొడతారు. కుందేలు ఇంకా చెట్టు వెనకే ఉంటుంది.

షీట్ బెండ్ సంగతి ఇంకా చిత్రం. మందం వేరువేరుగా ఉన్న రెండు తాళ్ళను కలపడానికి దాన్ని వాడతారు. మాస్టరు నైలాన్ తాడు ముక్కలు రెండు పట్టుకుని, పుస్తకంలో బొమ్మ చూసుకుంటూ, అరగంట చెమటలు కక్కి ఒకటి వేస్తాడు. గుడియాత్తం లుంగీలకు పేరుపడ్డ ఊరు. అక్కడి మగ్గం ఇంటి కుర్రాడు పడుగులో పోగు తెగితే వేసే ముడి అచ్చంగా ఇదే. నిర్మాణంలో నేతగాళ్ళ ముడీ షీట్ బెండూ ఒకటే. మగ్గం అచ్చు పళ్ళ సందులో ఇరుక్కోనంత చిన్నగా, రెండు వేళ్ళతో, కళ్ళు వేరే ఎక్కడో ఉండగా వేసెయ్యాలి. వాడు అమ్మ పక్కన కూచుని ఏడేళ్ళకే నేర్చుకుని ఉంటాడు. నైలాన్ తాడుతో వేయమంటే వాడికి చేతులు ఆడవు, అంత లావు పోగు వాడెప్పుడూ చూడలేదు. టెస్టులో తప్పుతాడు. సంక్రాంతి రోజుల్లో ఈ జిల్లా పల్లెల్లో జరిగే ఎద్దులు విడిచే పండగకు తయారయ్యే ఇంటి పిల్లవాడికి పలుపు వేయడం, ఒక్క లాగుతో విప్పడం రెండూ వచ్చు, వాడూ తప్పుతాడు. మల్లెపూలు కట్టే అమ్మాయి ఒక చేతి వేళ్ళతో మూర కట్టేలోపు గైడ్ కెప్టెన్‌కు తాడు కొస దొరకదు. అమ్మాయీ తప్పుతుంది. బీడీ కట్టకు దారం చుట్టే వాళ్ళను ఎవరూ అడగనే అడగరు. చివరికి పాసయ్యేది ఇంట్లో ఏ తాడూ ముట్టని, పుస్తకం బట్టీపట్టిన కుర్రాడు. ముడులు నేర్పే ముందు పిల్లల్నే అడగాలన్నది ఇక్కడి సలహా. దానికి ఒక వాక్యం చాలు. ఇంత దూరం లాగడం వ్యాస రచయిత చేసిన గ్రానీ నాటు.

భాష విషయం త్వరగా ముగించవచ్చు. దేశమంతటా స్కౌట్లు పాడే ప్రార్థన, జెండా పాట రెండూ హిందీలో ఉంటాయి. తమిళనాడు 1968 నుంచి బడుల్లో రెండు భాషల విధానమే పాటిస్తోంది. కనక హిందీ పాటను తమిళ లిపిలో నల్లబల్ల మీద రాస్తారు. ఆ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం, 'త'కూ 'ద'కూ ఒకటే. పిల్లల గొంతులోంచి వచ్చే హిందీ ఢిల్లీకి కూడా కొత్తగా ఉంటుంది. ఆజ్ఞలు ఇంగ్లీషులో, వివరణ తమిళంలో. తిట్టు మాత్రం తెలుగు ఇళ్ళనుంచి వచ్చిన మాస్టరుకు తెలుగులోనే వస్తుంది, తెలుగు పిల్లలకు సూటిగా తగులుతుంది.

శిబిరం గురించి చెప్పవలసినవాటిలో కొన్ని నవ్వుకు లొంగవు. ఎండిన ఏటి ఇసకలో డేరాలు వేయకూడదు. 2021 నవంబరులో ఎప్పుడూ ఇసకే కనిపించే పాలారు ఒడ్లొరుసుకుని పారింది. ఏ పెద్దవారూ ఒక పిల్లవాడితోనో పిల్లతోనో ఒంటరిగా ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, గైడ్లు వస్తే ఆ పెద్దల్లో ఒక మహిళ తప్పనిసరి. ఎవరికి ఉబ్బసం ఉంది, ఎవరికి ఏ మాత్ర పడదు అన్న జాబితా బ్యానరు కన్నా ముందు తయారుకావాలి. మిగతావి తేలిక. పెట్రోలు వాళ్ళు వండిన ఉప్మా మాడినా మాస్టరు తినాలి. తాను వండకూడదు.

నిజానికి అన్ని సలహాలూ ఇక్కడికే వస్తాయి. ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు ఒక పెట్రోలు. వాళ్ళకు వాళ్ళలోంచే ఒక లీడరు. పని అంతా ఆ లీడరు చేత చేయించాలి, పెద్దవాడు దూరంగా కూచోవాలి. దీన్నే పెట్రోలు పద్ధతి అంటారు. మన పెద్దలకు కూచోవడం చేతకాదు. పిల్లవాడు డేరా మేకు వంకరగా కొడుతుంటే చూస్తూ ఊరుకోలేక సుత్తి లాక్కుంటారు. లాక్కున్న సుత్తి మళ్ళీ ఇవ్వరు.

అయితే తప్పంతా మాస్టరుది కాదు. పదేళ్ళు నిండాక స్కౌటుగా చేరిన పిల్లవాడు ప్రవేశ్ దాటి, సోపానాలు ఒక్కొక్కటీ ఎక్కి, నలుగురికి పని చెప్పగలిగే స్థితికి వచ్చేసరికి తొమ్మిదో తరగతిలో ఉంటాడు. సరిగ్గా అప్పుడే పది పబ్లిక్ పరీక్ష నీడ పడుతుంది. సాయంత్రం స్పెషల్ క్లాసు, తర్వాత ట్యూషను. వాడు మొదట ఒక వారం రాడు. తర్వాత స్కార్ఫు ఉతికి మడతపెట్టి తమ్ముడి చేత పంపిస్తాడు. జూన్‌లో మాస్టరు మళ్ళీ ఆరో తరగతి పిల్లలతో, కుడి ఏదో ఎడమ ఏదో చెప్పడంతో మొదలుపెడతాడు. ఏటేటా చేతికందివచ్చినవాణ్ణే పోగొట్టుకునేవాడికి ఇతరులకు పని అప్పగించమని చెప్పడం సులువు. ఎవరికి అప్పగించాలో చెప్పడం కష్టం. ఆయన ఈల ఊదుతున్నది కోపంతోనే అని అనుకోనక్కరలేదు. ఆయనకు బదిలీ వస్తే ఆ ట్రూపు కూడా స్టోరు గదిలోకి పోతుంది.

కాబట్టి ఆఖరి సలహా మాస్టరుకు కాదు, హెడ్మాస్టర్లకూ తల్లిదండ్రులకూ. వారంలో ఒక్క సాయంత్రం, గంటన్నర, తొమ్మిదో తరగతి పిల్లల్ని స్పెషల్ క్లాసు నుంచి వదలండి. పది రాసేసినవాళ్ళు ఎండాకాలమంతా ఇంట్లో ఫోను చూస్తూ కూచుంటారు, వాళ్ళను వెనక్కి పిలవండి; పెద్ద స్కౌట్ల శాఖలో రోవరుగా పాతికేళ్ళు వచ్చేదాకా ఉండవచ్చు.