థర్మల్ స్కోపు కొనేవారికి కొన్ని అమూల్యమైన సలహాలు

పాండిచ్చేరిలో ఉంటూ అరచేతిలో ఇమిడే థర్మల్ స్కోపు కొందామనుకుంటున్నారా? మరింకేం, కొనేయండి. ఎందుకని మాత్రం అడగకండి. అది కొన్నాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు.

ఎంచుకోవడం తేలికే. పెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అంకె దేనికుంటే అది తీసుకోండి. ‘1,200 మీటర్లు’ అని ఉందంటే, బీచ్ రోడ్డులో అంత దూరాన నడుస్తున్న మామయ్యగారిని ఇట్టే పోల్చుకోవచ్చన్నమాట. ఆ దూరంలో మనిషంటే ఒకటి రెండు చుక్కలేనట, మనిషో ఆవో తేలాలంటే నాలుగో వంతు దూరానికి రావాలట, ఫలానా మనిషని తెలియాలంటే ఇంకా దగ్గరికట. 1958లో అమెరికా సైన్యం తరఫున జాన్ జాన్సన్ అనే ఆయన వేసిన లెక్క అది. సైన్యం గొడవ మనకెందుకు? సెన్సారు 256×192 అని చిన్నక్షరాల్లో ఉన్నా కంగారు పడకండి, నాలుగింతల జూమ్ ఉందిగా! జూమ్ చేశాక మిగిలేవి 64×48 చుక్కలే. మామయ్యగారు గళ్ళ తువ్వాలులా కనిపిస్తారు, అంతే.

చూడ్డానికి మే నెల సాయంత్రాన్ని మించిన వేళ లేదు. పగలంతా కాగిన గోడలు చల్లారుతూ చల్లారుతూ సరిగ్గా మనిషి ఒంటి వేడికి దిగే గంట అది. స్కోపు పట్టుకునేది వేడిలో తేడానే కాబట్టి జనమంతా గోడల్లో కలిసిపోతారు. పైగా సముద్రపు తేమ. తెల్లవారుజామునైతే మనుషులు స్పష్టంగా కనిపిస్తారు గానీ, ఆ వేళ లేచేదెవరు?

ఇక అసలు సంగతి, పక్కింటివాళ్ళ గది. సిగ్గుపడకండి, కొనేవాళ్ళలో సగం మంది మనసులో ఉండేది అదే. వైట్ టౌన్‌లో మంచి అద్దాల కిటికీ చూసుకుని గురిపెట్టండి. స్కోపు చూసేది 8 నుంచి 14 మైక్రాన్ల తరంగాలను. మామూలు గాజు వాటిని పోనివ్వదు (దీని లెన్సును జర్మేనియంతో చేసేది అందుకే). గోడ సంగతి సరేసరి. కాబట్టి ఆ కిటికీలో మీకు కనిపించేది గొట్టం కంటికానించుకుని నించున్న మీరే. వెచ్చగా, తెల్లగా, చాలా బాగుంటారు.

పక్షుల మీద మోజుంటే రాత్రిపూట ఊస్టేరి చెరువుకెళ్ళండి. రాత్రి నీళ్ళు గట్టు కన్నా వెచ్చగా మెరుస్తాయి, ఈకలేమో వేడిని బయటికి రానివ్వవు, బాతు ఎక్కడుందో వెతుక్కోవడంలోనే ఉంది సరదా. 2008 నుంచీ అది అభయారణ్యం. చీకట్లో స్కోపుతో తచ్చాడే మనిషిని చూసి ఫారెస్టు గార్డుకు వేట అనుమానం వస్తే, 1972 నాటి వన్యప్రాణి చట్టం మీకూ తెలుసని చెప్పండి. బాగా సంతోషిస్తాడు.

లెన్సు మీద ఉప్పు పేరుకుంటే ఇసుకంటిన లుంగీ అంచుతో గట్టిగా రుద్దండి. మధ్యమధ్య లోపల టక్కుమంటూ బొమ్మ క్షణం ఆగుతుంది. సెన్సారు తనను తాను సరిచూసుకోవడమే అది, అయినా దుకాణానికెళ్ళి పోట్లాడి రండి.

ఇంట్లో మీటరు బోర్డు వైపు మాత్రం తిప్పకండి. పొరపాటున తిప్పినప్పుడు, ఏసీ నడుస్తుండగా ఒక్క వైరు మొదలు మాత్రమే పక్కవాటికన్నా తెల్లగా మెరిసిందనుకోండి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఎలక్ట్రీషియన్‌ను పిలవొద్దు. వచ్చాడంటే లూజు కనెక్షనంటూ స్క్రూ బిగించేస్తాడు, ఆ మెరుపు మళ్ళీ రాదు.