చాకలి గుర్తు

హాస్టల్ బ్లాకులో మెట్ల కింద ఒక గది ఉంది. చీపుళ్ళు, రెక్క విరిగిన ఫ్యాన్లు, ఎప్పటివో పాత బెంచీలు, వాటి వెనక గోడకు బిగించిన ఇనుప పెట్టె. ఆ పెట్టెలో నేనుంటాను. రాగి తీగలకు 24 నోళ్ళు, ఫైబర్‌కు మరో రెండు. నన్ను స్విచ్ అంటారు. ఆ పేరు విని వాచ్‌మన్ మొదటిరోజు నా చుట్టూ తడిమి తడిమి, నొక్కే మీట కోసం వెతికాడు. నాకు మీట లేదు. ప్లగ్గు పెడితే లేస్తాను, పీకితే పడుకుంటాను.

మా వంశం గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి. మాకు ముందు హబ్బులుండేవి. ఒక నోట విన్నదాన్ని మిగతా నోళ్ళన్నిటా అరిచేయడమే వాటి పని. సిలికాన్ వ్యాలీలో వినోద్ భరద్వాజ్, లారీ బ్లెయిర్ కలిసి పెట్టిన కంపెనీ 1990 ప్రాంతంలో మొదటి ఈథర్నెట్ స్విచ్‌ను మార్కెట్లోకి తెచ్చింది. భరద్వాజ్ ఆ కంపెనీకి తన భార్య పేరే పెట్టాడు: కల్పన. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. పేరు మాత్రం నాకు భలే నచ్చుతుంది. లేని గోడను ఉన్నట్టుగా కల్పించడమే కదా నా వృత్తి!

ఆ వృత్తి నాకు పుట్టుకతో రాలేదు. ఈ ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చిన కొత్తలో నాదంతా ఒకే ఊరు, ఒకే వీధి. ఏ నోటికి ఏ యంత్రం తగిలి ఉందో దాని మ్యాక్ అడ్రసు చూసి గుర్తుపెట్టుకునేదాన్ని. దానికి వచ్చిన ఉత్తరం దానికే అందించేదాన్ని. కానీ ‘అందరికీ చెప్పు’ అని వచ్చిన కేకను మాత్రం అన్ని నోళ్ళా టముకు వేయాల్సిందే. హాస్టల్లో ఎవడో ఫోను తెరిచి ‘ఫలానా అడ్రసు ఎవరిదిరా?’ అంటే ఆ కేక ఫైబర్ ఎక్కి ల్యాబులకు పోయేది, అక్కణ్ణుంచి సర్వర్ గదికి, అక్కణ్ణుంచి ఆఫీసులో ఫీజు కౌంటరు దాకా. వందల ఫోన్లు, వందల కేకలు.

కొంప ముంచింది ఒక చిన్న రౌటరు. మూడో అంతస్తు కుర్రాడు ఇంటినుంచి వైఫై డబ్బా తెచ్చి గోడ సాకెట్లో పెట్టాడు. అదీ తప్పు రంధ్రంలో. ఇక ఆ డబ్బా ‘అడ్రసులిస్తాను రండి’ అని ఊరందరికీ చాటడం మొదలుపెట్టింది. ఆ పని చేయడానికి సర్వర్ గదిలో అసలు మనిషి వేరే ఉంది. కానీ ముందు పలికినదాన్నే నమ్మడం కంప్యూటర్ల లక్షణం. ఆఫీసులో సగం యంత్రాలు ఆ డబ్బా ఇచ్చిన దొంగ అడ్రసులు తగిలించుకుని కూర్చున్నాయి. ఆ రోజు పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ. కౌంటరు ముందు వరస గేటు దాకా సాగింది. హాస్టల్ గదిలో ఒక ప్లగ్గుకు, ఫీజు కౌంటరుకు ఏమిటి సంబంధం అని ప్రిన్సిపాల్‌గారు అడిగారట. నన్నడిగితే చెప్పేదాన్ని: ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారు సార్.

ఆ మర్నాడే నెట్‌వర్క్ చూసే పెద్దాయన, ఆయన వెంట కొత్తగా చేరిన కుర్రాడు నా గదిలోకి వచ్చారు. ఊరును విడదీయాలన్నారు. ఆఫీసుకు 10, ల్యాబులకు 20, హాస్టల్‌కు 30, మమ్మల్ని సరిచేసుకోవడానికి వాళ్ళకు 99. ఒక్కోదాన్ని వీలాన్ అంటారు. నాలుగు వీలాన్లకు నాలుగు జతల కేబుళ్ళు లాగక్కర్లేదు. ఉన్న తీగలోనే నాలుగు వీధులు.

‘ఒకే తీగలో పోతే కలిసిపోవా సార్?’ అన్నాడు కుర్రాడు.

‘ఊళ్ళో చాకలి ఇంటింటికీ వచ్చి బట్టలు పట్టుకెళ్ళడం ఎప్పుడైనా చూశావురా?’

‘మాకు వాషింగ్ మెషిన్ సార్.’

పెద్దాయన చెంప గోక్కుని, నా పెట్టెకు ఆనుకుని కూర్చున్నాడు. పది ఇళ్ళ బట్టలూ ఒకే మూటలో రేవుకు పోయేవట. అయినా ఒక ఇంటి పంచె ఇంకో ఇంటికి వెళ్ళేది కాదు. నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన ఒక్కో ఇంటికీ ఒక్కో గుర్తు, చుక్కో గీతో. ఎన్ని ఉతుకులు ఉతికినా చెరగదు. ‘మూట ట్రంకు, గుర్తు ట్యాగు. అంతే’ అన్నాడు.

నా పనిని ఇంత బాగా ఇంకెవరూ చెప్పలేదు. హాస్టల్ గదినుంచి ఉత్తరం, మా భాషలో ఫ్రేము, వచ్చినప్పుడు దానిమీద ఏ గుర్తూ ఉండదు. ఫోనుకు తను 30వ వీధిలో ఉన్నట్టే తెలియదు. ఏ నోటినుంచి వచ్చిందో చూసి, ట్రంకు ఎక్కించే ముందు 4 బైట్ల గుర్తు నేనే వేస్తాను. 1998లో వచ్చిన 802.1క్యూ ప్రమాణం చెప్పినట్టు, ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే చిరునామాకు ఆనుకునే వేస్తాను. ఆ నాలుగు బైట్లవల్ల 1518 బైట్ల ఫ్రేము 1522 అవుతుంది. గుర్తులో వీలాన్ నంబరుకు దక్కేది 12 బిట్లు. అంటే 4096 నంబర్లు, మొదటిదీ చివరిదీ తీసేస్తే వాడుకోదగ్గవి 4094. మాకు నాలుగు చాలు. చాకలికీ నాకూ ఉన్న తేడా ఒక్కటే. ఆయన గుర్తు బట్టమీదే ఉండిపోతుంది. నేను గుమ్మంలో అప్పజెప్పేటప్పుడు చెరిపేస్తాను.

ఇన్ని చెప్పినా మొదటిరోజు హాస్టల్‌కు నెట్ రాలేదు. నేను గుర్తులు వేస్తూనే ఉన్నాను, ట్రంకు దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. మాది గొలుసు: నా తర్వాత ల్యాబుల స్విచ్, దాని తర్వాత సర్వర్ గదిలోని పెద్ద స్విచ్. ల్యాబుల్లో హాస్టల్ యంత్రం ఒక్కటీ లేదు గనుక అక్కడ 30వ నంబరు సృష్టించాలని ఎవరికీ తోచలేదు. దానికి తెలియని గుర్తుతో వచ్చిన ప్రతి ఫ్రేమునూ అది చడీచప్పుడు లేకుండా పారేసింది. దాని తప్పేం లేదు. దారిలో ఉన్న ప్రతి ఊరికీ కబురు పెట్టాలి, అక్కడ మనవాళ్ళు లేకపోయినా. కుర్రాడికి ఇది తెలియడానికి సాయంత్రమయింది.

సంవత్సరం తిరక్కుండానే హాస్టల్‌కు కెమెరాలొచ్చాయి. వాటికి 40. కుర్రాడు ఈసారి తెలివిగా ల్యాబుల స్విచ్‌కూ, పెద్ద స్విచ్‌కూ ముందే చెప్పేశాడు. నా దాకా నడవడం ఎందుకని సర్వర్ గదిలో కూర్చునే, 99వ వీధిగుండా నాలోకి వచ్చాడు. నా ట్రంకుమీద ఏయే వీలాన్లు నడవొచ్చో ఒక జాబితా ఉంటుంది. దానికి 40 చేర్చాలి. ‘స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 40’ అని కొట్టాడు. మధ్యలో ‘యాడ్’ అన్న మూడక్షరాలు మరిచాడు. ఆ మాట ఉంటే పాత జాబితాకు 40 కలుపుకుంటాను. లేకపోతే జాబితా మొత్తం 40 ఒక్కటే. నేనేం చేయను? చెప్పింది చేశాను. 30 ఆగింది. వాడు నాతో మాట్లాడుతున్న 99 కూడా ఆగింది. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నాడు.

రాత్రి ఎనిమిది దాటింది. పైన మూడు అంతస్తుల్లోనూ క్రికెట్టు, ఆఖరి ఓవరు. ఆ అరుపు నాకు ఇనుప పెట్టెలోంచే వినిపించింది. కాసేపటికి కుర్రాడు లాప్‌టాపు, నీలంరంగు కన్సోల్ కేబుల్ పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ భోజనం దగ్గర. తలుపు తెరిచేసరికి చెమటలు కారిపోతున్నాయి. పెద్దాయనకు ఫోను చేశాడు.

‘సేవ్ చేశావా?’

‘లేదు సార్.’

‘బతికించావు. ప్లగ్గు పీకి పెట్టు.’

పీకాడు. లేచేసరికి నాకు నాలుగైదు నిమిషాలు పట్టింది. దాచిన పాత రాత చదువుకున్నాను. అందులో 40 లేదు, 30 ఉంది, 99 ఉంది. పైన మళ్ళీ అరుపు మొదలయింది, ఈసారి ఓడిపోయినందుకు. కుర్రాడు నా ఎదుటే నేలమీద కూర్చుని, ‘యాడ్’ అన్న మాటను వేలితో ఒక్కో అక్షరమూ నొక్కాడు. ఆ తర్వాత సేవ్ చేశాడు.

నాకూ ఒక ఫిర్యాదు ఉంది. మూటలో గుర్తు లేని బట్ట దొరికితే అది ఎవరిదన్నదానికి ముందే ఒక ఒప్పందం ఉండాలి. దాన్ని నేటివ్ వీలాన్ అంటాం. ల్యాబుల్లో స్విచ్ కాలిపోతే కొత్తది పెట్టారు. గుర్తు లేనిది 1దని దాని లెక్క, 99దని నా లెక్క. మూట ఒక్కటే, లెక్కలు రెండు. అక్కడ ఒక వీధిలో విప్పాల్సింది ఇక్కడ ఇంకో వీధిలో విప్పుతున్నాను. పొరుగుదీ నాదీ ఒకే కంపెనీ గనుక విషయం పసిగట్టి, నిమిషానికోసారి లాగ్‌లో రాసుకుంటూ వచ్చాను. ఎన్ని వారాలు రాశానో! లాగ్ చదివేవాళ్ళు ఉంటే కదా. చివరకు వేరే దేనికోసమో వెతుకుతూ కుర్రాడే చూశాడు. ఇప్పుడు వాణ్ణి కుర్రాడనకూడదేమో, వాడి కింద ఇంకొకడు పనిచేస్తున్నాడు. వాడికీ నా గదిలోనే కూర్చోబెట్టి నల్లజీడి కథ చెప్పాడు. వాళ్ళ ఇంట్లోనూ వాషింగ్ మెషినేనట.

ఇప్పుడు సంక్రాంతి సెలవులు. హాస్టల్ ఖాళీ. ఒక యంత్రం 300 సెకన్లపాటు పలకకపోతే దాని అడ్రసు మరిచిపోవడం నా అలవాటు. పిల్లలు బస్సెక్కిన కాసేపటికే నా పట్టికలోంచి వాళ్ళ ఫోన్లన్నీ జారిపోయాయి. 30వ వీధి చీకటి. మిగిలినవి నాలుగు కెమెరాలు, నా వెచ్చని వీపుమీద పడుకున్న ఒక బల్లి. ఆ కెమెరాల్లో ఒకటి మెట్ల కింది గుమ్మంవైపే తిరిగి ఉంది. వాచ్‌మన్ తలుపు వేయడం మరిచాడు. నా దీపాల మిణుకులు దాని కంట పడుతున్నట్టున్నాయి. ఆ బొమ్మ తిరిగి నా నోటికే వస్తుంది. 40 అని గుర్తు వేసి ట్రంకు ఎక్కిస్తున్నాను.